బిడ్డను చూడవోయినప్పుడు బాలింతను కూడా చూడుండ్రి

(హన్మకొండల అంగన్‌వాడీ టీచర్లు, ఆశా అక్కల మీటింగ్‌ల మాట్లాడింది)

అందరికీ నమస్తే. నర్సంపేట దిక్కు నుంచి, పరకాల దిక్కు నుంచి పొద్దుగాల్నే బస్సెక్కి వచ్చినోళ్లున్నరు, సెంటర్ తాళంచెవి ఆయమ్మకు ఇచ్చొచ్చిన మేడం అని ఇందాక ఒకక్క చెప్పింది, మీ టైం ఎంత విలువైందో నాకు తెలుసు కాబట్టి సీదా విషయానికే వస్త. నేను పదకొండేండ్ల సంది ఈడనే చిన్నపిల్లల ఎదుగుదల మీద పనిచేస్తున్న. మాటలు లేటయిన పిల్లలు, నడక లేటయిన పిల్లలు, పిలిస్తే తిరిగి చూడని పిల్లలు, వీళ్లు నా దగ్గరికి వస్తరు. ఇన్నేండ్లల్ల నాకు సమజైంది ఏందంటే పిల్లగాని గురించి అడిగే ముందు వాన్ని ఎత్తుకొచ్చినామెను నువ్వెట్లున్నవమ్మా అని అడగాలె. మొదట్ల నేను అడగకపోయేది. దాని సంగతే చెప్త.

పత్తి ఏరుడు నడిచే రోజులు. ఒక నాయినమ్మ, కోడలు, రెండేండ్ల పిల్లగాడు వచ్చిండ్రు. పిల్లగాని నాయిన దుబాయ్‌ల ఉంటడు. మాట్లాడిందంతా నాయినమ్మనే, మాటలు వస్తలేవమ్మా, ఫోన్ల వాళ్ల నాయిన నాయినా అనురా అంటే అనడు, స్క్రీన్‌ను నాకుతడు అని. చెవుల టెస్టు ముందే చేయించిన, మంచిగనే ఉన్నది. నేను వాని ముందట స్టీలు గ్లాసు, చెంచా పెట్టిన. వాడు చెంచాతోని గ్లాసును ఠంగున కొట్టి అమ్మ మొఖం దిక్కు చూసిండు. ఆమె గోడకున్న క్యాలెండర్ చూస్తున్నది. మళ్ల కొట్టిండు, మళ్ల చూసిండు. మూడోసారి గట్టిగ కొట్టి చూసిండు. ఆమె కండ్లు అక్కడ్నే ఉన్నయి. ఇగ వాడు గ్లాసు వదిలేసి, మాకు వీపు పెట్టి, చెంచాతోని బండల సందుల గీకుకుంట కూసున్నడు.

నేను ఇదంతా చూసిన, చూసి కూడా ఫైల్ల 'మాట ఆలస్యం' అని రాసిన, తల్లి ఆరోగ్యం అనే కాడ 'బాగుంది' అని రాసిన. ఆమెను ఒక్క ముక్క అడగకుంటనే రాసిన. వస్తువులు చూపించి పేర్లు చెప్పుండ్రి, ఫోన్ తగ్గించుండ్రి అని చెప్పి పంపిన. నెలకు వచ్చిండ్రు, మార్పు లేదు. ఇంకో నెలకు వచ్చిండ్రు, లేదు. ఆ మూడోసారి నాయినమ్మ మందుల చీటి కోసం బయటికి పోయినప్పుడు నేను ఆమెను, నిద్ర పడ్తుందా అమ్మా అని ఊకెనే అడిగిన. ఆమె కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చింది. బాబు పుట్టినకాడ్నించి సరిగ పడ్తలేదు మేడం, ఎవ్వలు అడగలే అన్నది. రెండేండ్లు. ఆ రెండేండ్లల్ల వాని టీకాలకు, బరువుకు, జ్వరానికి ఎంతమంది ముందట కూసున్నదో ఆమె.

గ్లాసు, చెంచా సంగతి నాకు ఎందుకు మర్లమర్ల గుర్తొస్తదంటే, అమెరికాల ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే సైకాలజిస్ట్ 1970లల్ల అచ్చం ఇదే చూపించిండు. అమ్మ తన కొన్ని నెలల బిడ్డతోని మామూలుగ ఆడుకుంటది, తర్వాత రెండుమూడు నిమిషాలు మొఖం రాయి లెక్క పెట్టుమంటరు, నవ్వొద్దు, మాట్లాడొద్దు, ఉత్తగ చూడాలె అంతే. బిడ్డ ముందు నవ్వి చూస్తది, చేతులు చాపుతది, కూత పెడ్తది, అమ్మ కదలకపోతే మొఖం తిప్పుకుంటది, ఆఖరికి ఏడుస్తది లేకపోతే వాడిపోయినట్టు అయితది. మాటలు రాని బిడ్డకు కూడా అమ్మ మొఖమే ముచ్చట. ఆ ప్రయోగంల అమ్మ రెండు నిమిషాలైనంక మళ్ల నవ్వుతది. రందిల, అంటే డిప్రెషన్‌ల ఉన్న తల్లి కావాలని మొఖం అట్ల పెట్టుకోదు, ఆమె చేతుల ఉండదది.

ఇది విని ఇంటికి పోయి కోడండ్లను, బిడ్డలను నీవల్లనే అని అంటరేమో, దయచేసి అనొద్దు. అదే ట్రోనిక్ ఇంకో సంగతి కూడా చెప్పిండు, మంచిగున్న తల్లీబిడ్డల మధ్య కూడా ఇద్దరి లయ కలిసేది దాదాపు 30 శాతం టైమే, మిగతా అంతా తప్పుడు, మళ్ల కలుసుకునుడు. ఆ మళ్ల కలుసుకునుట్లనే బిడ్డ ధైర్యం నేర్చుకుంటది. అన్నం వండుకుంట, బర్రెకు గడ్డేసుకుంట, పొయ్యి కాడికెళ్లి తిరిగి చూసి ఏంరా కన్నా అంటే సాలు. ఇంకోటి, ఆటిజం తల్లి ప్రేమ తక్కువై రాదు. ఒకప్పుడు అమెరికాల పెద్ద పెద్దోళ్లే తల్లుల మనసు ఫ్రిజ్ లెక్క సల్లగ ఉంటేనే ఆటిజం వస్తదన్నరు, వేల మంది తల్లులు ఆ నింద మోసిండ్రు, బెర్నార్డ్ రిమ్లాండ్ అని ఒక సైకాలజిస్ట్, ఆయన కొడుకుకే ఆటిజం, 1964ల పుస్తకం రాసి ఆ మాట తప్పని వాదించిండు. మన దగ్గర ఆ నింద ఇంకా నడుస్తనే ఉన్నది, నాకు అది వింటే కడుపు రగుల్తది.

ఇవన్నీ బయటి దేశం ముచ్చట్లు అనుకునేరు. యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల స్టడీ ఒకటున్నది, ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇంకా మన అప్పటి ఆంధ్రప్రదేశ్‌ల 2002 నుంచి దాదాపు 12,000 మంది పిల్లల వెంబడి పోయిండ్రు. మన దిక్కు తీసుకున్న జిల్లాలల్ల కరీంనగర్ ఉన్నది. తల్లులను కూడా 20 ప్రశ్నలు అడిగిండ్రు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రశ్నలు, అవును కాదు అంటే సాలు. 2005ల వచ్చిన పేపర్ల ఏం తేలిందంటే మన దగ్గర, వియత్నాంల, తల్లికి రంది ఎక్కువున్న ఇండ్లల్ల పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు లేకుంట ఉండుడు ఎక్కువ, పేదరికం లెక్కను పక్కకు తీసి చూసినా అంతే. మిగతా రెండు దేశాలల్ల అంత సాఫ్‌గ కనపడలే, అది కూడా చెప్పాలె. మీరు నెలనెలా తక్కెడల వేసి, ఎత్తు కొలిచి రిజిస్టర్ల ఎక్కిస్తరు కదా, ఆ ఎదుగుదల గీత కిందికి జారినప్పుడు గుడ్డు తింటుందా, పాలు తాగుతుందా అని అడుగుతరు. తల్లి నిద్ర సంగతి కూడా ఆ గీతల ఉంటది.

ఆ 20 ప్రశ్నలు నాకు ఎందుకు నచ్చినయంటే మొదలే తలనొప్పి తరచుగ వస్తుందా అని అడుగుతయి. ఆకలి తక్కువున్నదా, నిద్ర సరిగ పడ్తలేదా, చేతులు వణుకుతున్నయా, తిన్నది అరుగుతలేదా. మన ఆడోళ్లు నాకు మనసు బాలేదు అని ఎన్నడు చెప్పరు, తల పలుగుతుంది అంటరు, కాళ్లు గుంజుతున్నయి అంటరు, గుండెల దడదడ అంటరు. మనం జండూబామ్ రాసుకో అని పంపుతం. మనాది, రంది, ఫికరు, గుబులు, ఇన్ని మాటలున్నయి మన భాషల, ఒక్కటి వాడి అడిగినా మనిషి నోరు తెరుస్తది. డిప్రెషన్ అని అడిగితే నాకేం పిచ్చి లేదు అంటది.

ఎవ్వలకు ఎక్కువొస్తదంటే, గోవాల విక్రమ్ పటేల్ వాళ్లు చేసిన స్టడీ 2002ల వచ్చింది, కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు నూటికి 23 మంది తల్లులకు డిప్రెషన్ ఉన్నది, వాళ్లల్ల సగానికంటె ఎక్కువమందికి ఆరు నెలలకు కూడా తగ్గలే. పేదరికం, మొగని చేతిల దెబ్బలు, ఇంకా కొడుకు కావాలనుకున్న ఇంట్ల ఆడపిల్ల పుట్టుడు, ఇవి ఉన్నకాడ ఎక్కువ. ఈ చివరిది మీకు నేను వివరించే పని లేదు, తొట్టెల నాడు రెండోసారి కూడా ఆడపిల్లనే అనే మాట బాలింత ముందట్నే అంటరు, ఆమె వింటనే ఉంటది.

మరి మనమేం చేస్తం, డాక్టర్లం కాదు కదా అంటరు. పాకిస్తాన్‌ల రావల్పిండి పల్లెలల్ల అతీఫ్ రెహమాన్ వాళ్లు చేసింది 2008ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వచ్చింది. మీలాంటోళ్లకే, ఊర్లె ఇల్లిల్లు తిరిగే లేడీ హెల్త్ వర్కర్లకే ట్రైనింగ్ ఇచ్చిండ్రు. వాళ్లు, కడుపుతోని ఉన్నప్పుడే డిప్రెషన్ ఉన్న తల్లుల ఇండ్లకు అప్పట్నించే పోయి ఆ తల్లితోని మాట్లాడిండ్రు, ఆమె తలకాయల తిరిగే ఆలోచనను పట్టుకొని, ఇట్ల కాకుండ ఇంకెట్ల చూడొచ్చు అని నెమ్మదిగ. బిడ్డకు ఆరు నెలలొచ్చే టైముకు, ఉత్తగ ఇంటికి పోయిన దిక్కు నూటికి 53 మందికి డిప్రెషన్ ఉంటే, ఇట్ల మాట్లాడిన దిక్కు 23 మందికే. పిల్లల బరువు, ఎత్తుల అయితే పెద్ద తేడా రాలే, కానీ విరేచనాలు తగ్గినయి, టీకాలు పూర్తిగ పడ్డయి, తల్లీతండ్రీ ఇద్దరూ పిల్లలతోని ఎక్కువ ఆడిండ్రు. అత్త అడ్డం రాకుంట ఎట్ల పోయిండ్రంటే, బిడ్డ మంచిగ పెరగాలని వచ్చినం అనే చెప్పి పోయిండ్రు. అది అబద్ధం కాదు.

జమైకాల కూడా అంతే, 1986-87ల కింగ్‌స్టన్ బస్తీలల్ల ఎదుగుదల తక్కువున్న 129 మంది పిల్లలను తీసుకున్నరు, వాళ్లల్ల కొందరి ఇండ్లకు వారానికొక గంట, రెండేండ్లు హెల్త్ వర్కర్ పోయి ఇంట్ల పడేసిన వస్తువులతోని చేసిన బొమ్మలతోని తల్లీబిడ్డలను ఆడిపిచ్చింది. ఇరవై ఏండ్లకు చూస్తే ఆ ఆడిన పిల్లల సంపాదన, ఆడనోళ్ల కంటె 25 శాతం ఎక్కువ.

నాయినల సంగతి తక్కువ మాట్లాడుతం. 1998ల మన జిల్లాల పత్తికి పురుగు పడి రైతులు పురుగుమందు తాగి పోయిన ఏడాది నేను బడిల ఉన్న, నా బెంచీల కూసునే పిల్ల వాళ్ల నాయిన పోయినంక దసరా దాక ఒక్క మాట మాట్లాడలే. ఇంటికి వచ్చినోళ్లంతా అప్పెంత, ఎకరాలెన్ని అని అడిగిండ్రు. ఆ పిల్లను గానీ వాళ్ల అమ్మను గానీ ఎవరడిగిండ్రో నాకు తెల్వదు, నేనైతే అడగలే, నాకు అడగాలని తెల్వకపోయె.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయొద్దు. కాన్పయిన మొదటి రెండుమూడు వారాలల్ల బాలింత నిద్రే పోకుండ, సంబంధం లేకుంట మాట్లాడుకుంట, లేనిది కనపడ్తుంది అంటే, బిడ్డ మీద అనుమానంగ ఉంటే, అది గాలి సోకుడు కాదు. వెయ్యి కాన్పులల్ల ఒకరిద్దరికి వస్తది, మందులకు తగ్గుతది. తాయెత్తు కోసం తిరగకుండ్రి, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకపోవాలె, బిడ్డతోని ఒంటరిగ వదలొద్దు. చచ్చిపోవాలని అనిపిస్తుందా అని అడుగుడుకు కూడా భయపడకుండ్రి, అడిగితే ఆలోచన కొత్తగ పుట్టదు. ఫోన్‌ల మాట్లాడాలంటే మనసు బాలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, 2022 అక్టోబర్ 10 నుంచి నడుస్తుంది, పైసలు పడయి, తెలుగుల మాట్లాడొచ్చు.

ఆ కోడలు సంగతి అడుగుతరని తెలుసు. మందులు ఎనిమిది నెలలు వాడింది, మధ్యల ఒకసారి బంద్ చేస్తే మళ్ల ఎక్కువైంది, మళ్ల మొదలు పెట్టినం. పిల్లగానికి స్పీచ్ థెరపీ ఇంకా నడుస్తుంది, తోటి పిల్లలంత మాటలైతే రాలే. నాయినమ్మ ఇప్పుడు కోడలు పన్నంక రాత్రి పిల్లగాన్ని తన పక్కల ఏసుకుంటుంది, అది నేను చెప్పలే, ఆమెకే తోచింది.

ఇప్పుడు మీకు 20 ప్రశ్నల కాయితం ఇస్తరు. పక్కనున్న అక్కనే బాలింత అనుకొని అడుగుండ్రి, కాయితం చూసి చదవద్దు, మన ఊరి మాటలల్ల అడగాలె, ఆమె చెప్పేదాక ఆగాలె. ఎవరికన్నా నిజంగనే కండ్లల్ల నీళ్లొస్తే దాచుకోకుండ్రి, నేను ఈ వెనక గదిల సాయంత్రం దాక ఉంట.