గ్రీజు రాయడం నేర్పేటప్పుడు ఎందుకో కూడా చెప్పండి
(విజయనగరంలో మోటారు మెకానిక్కుల ఆయుధ పూజ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, స్పేర్ పార్టుల షాపుల యజమానులకు, లారీ ఓనర్లకు, టాక్సీ డ్రైవర్ తమ్ముళ్లకు, గజపతినగరం, నెల్లిమర్ల, చీపురుపల్లి, కొత్తవలసల నుంచి షెడ్లు మూసుకుని వచ్చిన మేస్త్రులకు, ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు చదువుతున్న పిల్లలకు ఆయుధ పూజ శుభాకాంక్షలు. ఇంకో నాలుగు రోజుల్లో మన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఊళ్లో ఇంత హడావుడి ఉన్నా ఇంతమంది వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం.

నన్ను బీఎస్-6 బళ్ల గురించి, అంటే పొగ మీద పెట్టిన కొత్త నిబంధనలకు తయారైన బళ్ల గురించి మాట్లాడమన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి అవి తప్పనిసరి అయ్యాక మన పని ఎలా మారిందో, బండిలో లోపం చూపించే స్కానర్లు ఎందుకు కొనాలో కాగితం మీద రాసుకొచ్చాను. ఆ కాగితం జేబులోనే ఉంది, వీలైతే చివర్లో తీస్తాను. ముందు ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే, విడదీసే క్లచ్ గురించి మాట్లాడాలి. అందులోనూ దాని ప్లేటు మార్చేటప్పుడు రాసే గ్రీజు గురించి. ఇంత పెద్ద సభలో ఇంత చిన్న విషయమా అనుకోకండి, ఒక కుర్రాడి చెంప పగిలింది దీనివల్ల.

సాలూరు దాటాక కొరాపుట్ రోడ్డు ఘాటీ మీకు తెలిసిందే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ, లారీ పని తెలిసిన ఎవరికైనా అది ఇప్పటికీ మన ఊరే. ఆ ఘాటీలో ఒక టాక్సీ ఆగిపోయింది. బండిలో పెళ్లివారు, ఒక ముసలమ్మ, ఇద్దరు పసిపిల్లలు. ఆ డ్రైవరు బండిని కట్టి లాగించుకుని మా షెడ్డుకి వచ్చాడు. "కొత్త ప్లేటే ఏసినారు మేస్త్రీ, రెండు నెల్లు కాలేదు. ఘాటీలో ఇంజిను అరుస్తంది గానీ బండి కదల్నేదు" అన్నాడు. మనిషి ఏడవడం ఒక్కటే తక్కువ. ఆ పెళ్లివారు వేరే బండికి కట్టిన డబ్బు కూడా ఇతని దగ్గరే పట్టుకున్నారు.

గేర్‌బాక్స్ దించాం. క్లచ్‌ని కప్పి ఉంచే డొప్ప, అదే బెల్ హౌసింగ్ లోపల చుట్టూ నల్లటి చుక్కలు, తిరగలి చుట్టూ పిండి పడ్డట్టు. ముందు ఆయిల్ సీళ్లు చూశాను. ఇంజిన్ వెనక సీల్ కారితే ఇంజిన్ చివర తిరిగే బరువు చక్రం, ఫ్లైవీల్ వైపు తడిగా ఉంటుంది. గేర్‌బాక్స్ సీల్ కారితే షాఫ్ట్ దగ్గర తడి ఉంటుంది, గంధకం కంపు కొడుతుంది. రెండూ పొడిగా ఉన్నాయి. ప్లేటు చేతిలోకి తీసుకుంటే, ఫ్లైవీల్‌ని పట్టుకునే గరుకు పొర, అదే లైనింగు అద్దంలా నున్నగా మెరుస్తోంది. మధ్యలో షాఫ్ట్ దూరే హబ్ చూస్తే, స్ప్లైన్లనే ఆ నిలువు పళ్ల గాడి ప్రతిదాంట్లో గ్రీజు కుక్కి ఉంది. మామూలు చాసిస్ గ్రీజు, స్ప్రింగు పిన్నులకి కొట్టేది.

ఐటీఐ పిల్లలూ, ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే ఆ ప్లేటు సెకనుకి 50 చుట్లు తిరుగుతుంది. మధ్యలో ఎక్కువైన గ్రీజు అక్కడే కూర్చోదు, బయటికి చిమ్ముతుంది. బయట ఉన్నది లైనింగే. పైగా ఆ చాసిస్ గ్రీజుల్లో కాల్షియం రకాలుంటాయి, అవి 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి నీళ్లలా కరిగిపోతాయి. ఘాటీ ఎక్కేటప్పుడు పెడల్ సగం తొక్కి హాఫ్ క్లచ్ మీద ఆడే బండిలో ఆ వేడి రావడం ఎంతసేపు? లిథియం గ్రీజు సుమారు 180 డిగ్రీల దాకా కరగదు. క్లచ్‌కని వచ్చే గ్రీజు ట్యూబు అందుకే వేరుగా ఉంటుంది. కొన్ని కంపెనీలు కిట్ డబ్బాలోనే చిన్న ప్యాకెట్ పెడతాయి. మన వాళ్లు దాన్ని డబ్బాతో పాటు చెత్తలో పడేస్తారు.

ప్లేటు వేసిన షెడ్డు ఎక్కడిదో నేను చెప్పను. కానీ ఆ పని చేసిన కుర్రాణ్ణి తర్వాత కలిశాను. పదిహేడేళ్లు ఉంటాయేమో. డ్రైవరు వెళ్లి గొడవ చేస్తే అక్కడి మేస్త్రి అందరి ముందూ ఆ కుర్రాణ్ణి కొట్టాడు. నేను అడిగితే ఆ పిల్లాడు అన్న మాట ఇది: "గ్రీజు రాయమన్నారు, రాసినాను. ఎంత రాయాలో నాకెవులూ సెప్పనేదు."

మేస్త్రులూ, అన్నదమ్ములూ, మిమ్మల్నే అడుగుతున్నాను. తప్పెవరిది? "రాయరా" అన్నవాడిదా, రాసినవాడిదా? మన షెడ్లలో పని ఇలాగే నేర్పుతున్నాం. "చూసి నేర్చుకో" అంటాం. చేతులు చూసి నేర్చుకోవచ్చు, కారణం చూసి ఎలా నేర్చుకుంటాడు? గుంటడు కదా అని మనం చెప్పని ఆ కారణమే రెండు నెలల తర్వాత ఘాటీలో బయటపడుతుంది.

సరే, విషయానికి వస్తాను. అసలు రాయకపోతే ఏమవుతుందని అడుగుతారు. చింతపల్లి తీరం నుంచి చేపలు తెచ్చే ఒక వ్యాను మా దగ్గరికి వచ్చింది. ఉప్పుగాలి, చేపల నీళ్లు. పెడల్ నేలకి తొక్కినా గేరు పడదు, రివర్స్ వేస్తే గరగరమంటుంది. కొత్త ప్లేటు వేసిన బండే. దించి చూస్తే షాఫ్ట్ స్ప్లైన్ల మీద ఎర్రటి తుప్పు పొడి. ప్లేటు షాఫ్ట్ మీద ముందుకీ వెనక్కీ జరగాలి, అప్పుడే ఫ్లైవీల్ నుంచి విడిపోతుంది. తుప్పు పట్టుకుంటే అది జరగదు, విడిపోదు, గేర్‌బాక్స్ తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ పని చేసినవాడికి ఎవరో "ప్లేటు దగ్గర గ్రీజు చూపించకు" అని చెప్పారట. అదీ కారణం లేకుండా చెప్పిన మాటే.

అందుకని నేను మా షెడ్డులో చెప్పేది ఇక్కడ చెబుతాను. షాఫ్ట్ మీద పాత జిడ్డు, తుప్పు బ్రష్షుతో తీసి పొడి గుడ్డతో తుడవాలి. గ్రీజు ఆవగింజంత తీసుకుని చిన్న బ్రష్షుతో గాడుల వెంట పల్చగా పామాలి. కొత్త ప్లేటుని షాఫ్ట్ మీదకి రెండు మూడుసార్లు తోసి తీయాలి. అప్పుడు హబ్ అంచున కొంచెం గ్రీజు బయటికి వస్తుంది. ఆ వచ్చిందాన్ని తుడిచేయడమే అసలు పని. మిగిలిన పల్చటి పొర చాలు. హబ్ నికెల్ పూతతో తెల్లగా మెరుస్తుంటే డబ్బాలో కాగితం చదవండి, దానికి గ్రీజు వద్దనే కంపెనీలు ఉన్నాయి.

పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగుని తోసి క్లచ్ విడదీసేది ఫోర్క్. అది ఊగే గుండు మీద, దాని కొసలు బేరింగుకి తగిలే చోట కొంచెం గ్రీజు ఉండాలి. లేకపోతే పెడల్ తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. బేరింగు జరిగే గొట్టం సంగతి వేరు. బేరింగు స్లీవ్ ఇనుముదైతే పల్చగా రాయాలి. ప్లాస్టిక్‌దైతే పొడిగానే వదలాలి. రాశారంటే లైనింగు పొడి దానికి అంటుకుని ముద్దవుతుంది, బేరింగు ఇరుక్కుంటుంది. హైడ్రాలిక్ బళ్లలో సిలిండర్ రబ్బరు దగ్గరికి మామూలు గ్రీజు వెళ్లనివ్వకండి, ఆ రబ్బరు ఉబ్బిపోతుంది.

ఇంకొకటి, ఇది చెప్పకుండా నేను దిగను. రిలీజ్ బేరింగుని కిరోసిన్లో కడగకండి! డీజిల్లో కూడా. మన అలవాటు ఏమిటంటే దించిన ప్రతిదీ తొట్టెలో పడేయడం. ఆ బేరింగులో గ్రీజు ఫ్యాక్టరీలో పెట్టి మూసేసింది, మళ్లీ పెట్టడానికి దారి లేదు. కిరోసిన్ లోపలికి దూరి దాన్ని కడిగేస్తుంది. పైకి తళతళలాడుతుంది, నాలుగు వారాల్లో అరవడం మొదలుపెడుతుంది. అప్పుడు మళ్లీ గేర్‌బాక్స్ దించాలి, ఆ కూలి ఎవరిస్తారు? క్రాంక్‌షాఫ్ట్ చివర కంచు బుష్ ఉన్న బళ్లలో ఇంకో సంగతి. ఆ కంచులో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, అవి ఇంజిన్ ఆయిల్ తాగుతాయి. దాన్ని ఆయిల్లో నానబెట్టి వేయాలి. గ్రీజు కుక్కితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి.

ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు కొత్తదైతే దాని మీద తుప్పు పట్టకుండా నూనె పొర ఉంటుంది. దాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడవకుండా బిగిస్తే ఆ నూనె మనమే లైనింగుకి రాసినట్టు. ఫ్లైవీల్ కూడా అలాగే. ప్లేటుని అంచు పట్టుకోండి, లైనింగు మీద గ్రీజు వేలు పెట్టకండి. జిడ్డు తాగిన ప్లేటుకి ఎమరీ కాగితం కొట్టి మళ్లీ వేసేవాళ్లున్నారు. పైన పోయినట్టుంటుంది, వేడెక్కగానే లోపలిది మళ్లీ బయటికొస్తుంది. ఓనరు బతిమాలినా వేయకండి. లోపలి పొడిని కంప్రెసర్ గాలితో ఊదకండి, ముఖ్యంగా పాత బళ్లలో. ఆ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే రాదు. తడి గుడ్డతో తీయండి, సన్న పొడిని ఆపే మాస్కు పెట్టుకోండి. మన తోటివాళ్లలో దగ్గుతో బాధపడుతున్న పెద్దవాళ్లు ఈ సభలోనే ఉన్నారు.

ఓనర్లకు, డ్రైవర్లకు కూడా ఒక మాట. "ప్లేటు ఒక్కటే మార్చు మేస్త్రీ, బేరింగు బానే ఉంది కదా" అని బేరమాడకండి. దించడానికయ్యే కూలి ముందు ఆ బేరింగు ధర ఎంత? ఆయిల్ సీల్ కారుతుంటే అదీ అప్పుడే మార్పించుకోండి. పని మూడు గంటల్లో అయిపోవాలని షెడ్డు గుమ్మంలో నిలబడి హారన్ కొట్టకండి. ఆ హారన్‌కి భయపడే, తుడవాల్సిన చోట తుడవకుండా బిగించేస్తున్నారు మా కుర్రాళ్లు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. బీఎస్-6 కాగితం ఇవాళ్టికి జేబులోనే ఉండనివ్వండి. ఒక్కటే అడుగుతున్నాను. ఈ జిల్లాలో ప్రతి షెడ్డులోనూ, కుర్రాడి చేతికి గ్రీజు డబ్బా ఇచ్చేటప్పుడు ఎక్కడ, ఎంత, ఎందుకు అన్న మూడూ నోటితో చెప్పండి. పని పాడైతే ముందు మనం చెప్పామా లేదా అని చూసుకుని, తర్వాత వాడి మీద కోప్పడండి. చెయ్యి మాత్రం ఎత్తకండి. ఘాటీ కేసు కుర్రాడు ఇప్పుడు మోటారు పని మానేసి సెంట్రింగు పనికి పోతున్నాడు. మంచి చెయ్యి వాడిది, నట్లు బిగించిన తీరు నేను చూశాను. ఆ షెడ్డు మేస్త్రి ఇక్కడ ఉంటే, వెళ్లి వాణ్ణి పిలుచుకు రండి.

వేదిక పక్కన బల్ల మీద ఒక గేర్‌బాక్స్, కొత్త ప్లేటు, క్లచ్ గ్రీజు ట్యూబు పెట్టించాను. భోజనాలకు ముందు ఐటీఐ పిల్లలు నలుగురు నలుగురుగా రండి, మీ చేత్తోనే రాయిస్తాను. గుడ్డ మర్చిపోకండి.