థ్రాటిల్ మధ్యలోనే ఉంది, షిప్ మాత్రం ఆగట్లేదు!

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: వ్యాఖ్యాత, స్పేస్ గేమ్స్ ఏళ్లుగా ఆడుతున్న సీనియర్ ప్లేయర్, జాయ్‌స్టిక్‌లు విప్పి బాగుచేసే టెక్నీషియన్, వేగం పెంచి తగ్గించే లివర్ అయిన థ్రాటిల్‌ను ఈమధ్యే కొన్న కొత్త ప్లేయర్)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ బల్ల మీద ఒక జాయ్‌స్టిక్, ఒక థ్రాటిల్, ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి. వీటి ఓనర్ కూడా ఇక్కడే ఉన్నారు. ఏమైందండీ, కోపంగా ఉన్నట్టున్నారు?

కొత్త ప్లేయర్: కోపం కాదండీ, విసుగు. ఎలైట్ డేంజరస్ అనే స్పేస్ గేమ్ ఆడదామని వీటిని కొన్నాను. కీబోర్డుతో ఆడినన్నాళ్లూ స్టేషన్‌లో చక్కగా దిగేదాన్ని. ఇప్పుడు షిప్ దిగే ప్యాడ్ పైకి వచ్చి థ్రాటిల్ మధ్యలో పెట్టినా షిప్ ఆగదు. మెల్లగా ముందుకు జారుతూనే ఉంటుంది. ఇక గురి పెట్టబోతే ముక్కు అటు దాటిపోతుంది, ఇటు తిప్పితే ఇటు దాటిపోతుంది. ఆడలేక మద్దెల ఓడు అంటారేమోనని ఎవరికీ చెప్పలేదు.

టెక్నీషియన్: మద్దెల నిజంగానే ఓడు కావచ్చు కదండీ! ముందు గేమ్ మూసేయండి. విండోస్‌లో రన్ తెరిచి జాయ్ డాట్ సీపీఎల్ అని టైప్ చేయండి. వచ్చింది కదా, ప్రాపర్టీస్ నొక్కండి. ఆ చతురస్రంలో ప్లస్ గుర్తు కనిపిస్తోందా? ఇప్పుడు స్టిక్ మీంచి చేయి తీసేయండి.

కొత్త ప్లేయర్: తీసేశాను. కదలట్లేదు.

టెక్నీషియన్: స్టిక్‌ను ఒక మూలకు లాగి వదలండి. మళ్లీ నడిమధ్యకే వచ్చింది. అయితే స్టిక్‌లో లోపం లేదు. పాడైతే ఆ ప్లస్ దోమలా వణుకుతుంది. పాత రకం స్టిక్‌లలో పొటెన్షియోమీటర్ ఉంటుంది, అంటే ఒక పట్టీ మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము చేరినా, పట్టీ అరిగినా రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం లాంటి వాటిలో అయస్కాంతం, దాని కదలికను పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి. ఒకదానికొకటి తగలవు కాబట్టి ఆ సెన్సర్ అరిగే పనే లేదు.

వ్యాఖ్యాత: స్టిక్ బాగానే ఉంటే మరి గురి ఎందుకు దాటిపోతోంది?

సీనియర్ ప్లేయర్: నాకో అనుమానం. కర్వ్, అంటే స్టిక్ ఎంత తోస్తే గేమ్‌కి ఎంత వెళ్లాలో చెప్పే సెట్టింగ్, ఎక్కడ పెట్టుకున్నారు మేడమ్?

కొత్త ప్లేయర్: స్టిక్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఒకటి పెట్టాను. తర్వాత ఒక వీడియో చూసి జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కూడా పెట్టాను. రెండు చోట్లా ఉంటే ఇంకా స్మూత్‌గా ఉంటుందనుకున్నాను.

సీనియర్ ప్లేయర్: అదీ సంగతి! కర్వ్ ఉన్నది మధ్య దగ్గర చేతి కదలికను మెత్తగా చేయడానికి. మామూలు క్యూబ్ కర్వ్, అంటే ఘనం చేసే కర్వ్ తీసుకోండి. స్టిక్ సగం దాకా తోస్తే గేమ్‌కి 12.5 శాతమే వెళ్తుంది. అది బాగానే ఉంటుంది. అదే కర్వ్ ఆ 12.5 మీద మళ్లీ పడితే మిగిలేది 0.2 శాతం. స్టిక్ సగం తోసినా షిప్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మీరేమో కదలట్లేదని ఇంకా తోస్తారు. చివర్లో ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది, ముక్కు గురి దాటిపోతుంది. ఇక మీరు వెనక్కి లాగుతారు...

కొత్త ప్లేయర్: మళ్లీ అటు దాటిపోతుంది! ఇన్నాళ్లూ నా చేయే వణుకుతోందనుకున్నాను.

టెక్నీషియన్: చేతిదేం తప్పు లేదు. ఒకటి తీసేయండి. నన్నడిగితే రెండూ తీసేసి వారం ఆడండి, అవసరమనిపిస్తే అప్పుడు ఒకటి పెట్టండి. డెడ్‌జోన్, అంటే మధ్యలో ఎంత కదిలినా గేమ్ పట్టించుకోని భాగం, అదీ అంతే. సున్నాతో మొదలుపెట్టి, వణుకు ఆగేదాకా పెంచాలి. కొందరు ముందే 15, 20 శాతం పెట్టేసుకుని సన్నగా గురి పెట్టడం కుదరట్లేదంటారు. ఎలా కుదురుతుంది? సన్నటి కదలికలన్నీ ఆ మధ్యలోనే కదా ఉండేది!

వ్యాఖ్యాత: సరే, ఇక ఆ జారుడు సంగతి చూద్దాం.

టెక్నీషియన్: అదే విండోలో థ్రాటిల్ గీత చూడండి. లివర్ మధ్యలో చిన్న గంటు తగులుతుంది చూశారా, టక్కుమని? అక్కడ ఆపండి. గీత సగానికి కొంచెం పైన ఆగింది. మీ చేతికి అది మధ్య, కంప్యూటర్‌కి కాదు. ఎలైట్‌లో ఫుల్ రేంజ్ పెట్టుకుంటే సగం దగ్గర సున్నా, పైన ముందుకు, కింద వెనక్కి. ఆ తేడా వల్లే మీ షిప్ చాప కింద నీరులా జారుతోంది. థ్రాటిల్ డెడ్‌జోన్ కొంచెం పెంచితే ఆగిపోతుంది.

సీనియర్ ప్లేయర్: ఇక్కడ నేను ఒప్పుకోను. డెడ్‌జోన్ ఎందుకసలు? ఫార్వర్డ్ ఓన్లీ పెట్టేయండి. లివర్ కిందికి కొడితే సున్నా, కళ్లు మూసుకుని ఆపొచ్చు. రివర్స్‌కి ఒక బటన్ ఇచ్చుకుంటే సరి. ఎప్పుడో ఒకసారి వాడే రివర్స్ కోసం లివర్ సగాన్ని ఎందుకు వదులుకోవాలి? పైగా ఎలైట్‌లో వేగం మీటరు మీద నీలం పట్టీ ఉంటుంది కదా, షిప్ అక్కడే బాగా తిరుగుతుంది. ఫార్వర్డ్ ఓన్లీలో మీ గంటు సరిగ్గా ఆ నీలంలో పడుతుంది. ఫైట్‌లో మీటరు చూడక్కర్లేదు, వేలికే తెలిసిపోతుంది.

టెక్నీషియన్: బాగానే ఉంది. కానీ ఫ్లైట్ అసిస్ట్, అంటే షిప్ వేగాన్ని కంప్యూటరే సరిచేసి ఆపే సాయం, తీసేసి ఆడేవాళ్లకి వెనక్కి తోసే పని అస్తమానం ఉంటుంది. వాళ్లని బటన్ వెతుక్కోమంటారా?

సీనియర్ ప్లేయర్: వాళ్లకి అసలు థ్రాటిలే వద్దంటాను.

వ్యాఖ్యాత: అదేంటండీ? ఈవిడ డబ్బు పెట్టి కొన్నారు!

సీనియర్ ప్లేయర్: థ్రాటిల్ విమానాల సామాను సార్. గాలిలో వేగం నిలబెట్టాలంటే ఇంజిన్ ఆగకుండా తోస్తూ ఉండాలి. అందుకే లివర్ పెట్టిన చోట ఉండిపోతుంది. అంతరిక్షంలో ఒకసారి తోస్తే చాలు, పోతూనే ఉంటుంది. ఆపాలంటే ఎదురు తోయాలి. పైకీ కిందికీ, పక్కలకీ కూడా తోయొచ్చు. చంద్రుడి మీద దిగిన అపోలో లూనార్ మాడ్యూల్‌లో కుడి చేతికి షిప్‌ను తిప్పే కంట్రోలర్, ఎడమ చేతికి పక్కలకీ పైకీ జరిపే కంట్రోలర్ ఉండేవి. గేముల్లో రెండు స్టిక్‌లతో ఆడేవాళ్లు చేసేది దాదాపు ఇదే. స్టార్ సిటిజన్ అనే ఇంకో స్పేస్ గేమ్ ఆడేవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు.

కొత్త ప్లేయర్: నేను ఇంకో స్టిక్ కొనను సార్.

సీనియర్ ప్లేయర్: అక్కర్లేదు. మీ థ్రాటిల్ మీద బొటనవేలి కింద చిన్న స్టిక్ ఉంది కదా, దాన్ని పక్కలకీ పైకీ జరిపే థ్రస్టర్లకి ఇవ్వండి. నాలుగు వైపులా నొక్కే హ్యాట్ స్విచ్‌కి మాత్రం ఇవ్వకండి, దానికి ఉన్నది ఆన్, ఆఫ్ రెండే. ప్యాడ్ మీద ఇంచీ జరగాలంటే గజం జరుగుతారు.

వ్యాఖ్యాత: స్టిక్ మెలితిప్పితే ఏం జరగాలి? దీని మీద రోజూ గొడవేనట.

సీనియర్ ప్లేయర్: ఎలైట్‌లో ముక్కును పక్కకి తిప్పే 'యా' కావాలనే బలహీనంగా పెట్టారు. రోల్ చేసి, అంటే షిప్‌ను పక్కకి దొర్లించి ముక్కు ఎత్తాలి, అదే వేగం. కాబట్టి పక్కకి వంచడం రోల్‌కి, మెలితిప్పడం యాకి. టెన్షన్‌లో స్టిక్ లాగినప్పుడు మణికట్టు తెలియకుండానే తిరుగుతుంది, మెలికకి మాత్రం కొంచెం డెడ్‌జోన్ ఇవ్వండి. ఇంకోటి, 75 శాతం వేగానికి ఒక బటన్ ఇచ్చుకోండి. దూరాలకి వేగంగా వెళ్లే సూపర్‌క్రూజ్‌లో గమ్యం చేరే సమయం 7 సెకన్లకి రాగానే అది నొక్కితే దాన్ని దాటి చక్కర్లు కొట్టే బాధ తప్పుతుంది.

కొత్త ప్లేయర్: (లివర్ కిందికి లాగుతూ) ఫార్వర్డ్ ఓన్లీ పెట్టాను. సున్నా... అబ్బ, ఆగింది! నిజంగా ఆగింది. సరే, ఇక ఇవి తీసి బ్యాగులో పెట్టుకుంటాను...

టెక్నీషియన్: ఆగండాగండి, యూఎస్‌బీ లాగకండి! ముందు సెట్టింగ్స్ సేవ్ చేసి, ఆ ఫైల్ కాపీ తీసుకోండి. నేనోసారి థ్రాటిల్ ప్లగ్ పెట్టడం మర్చిపోయి ఒక గేమ్ తెరిచాను. నా బైండింగ్స్, అంటే ఏ బటన్‌కి ఏ పని అని పెట్టుకున్నవి, అన్నీ పోయాయి, రెండు రాత్రులు కూర్చుని మళ్లీ పెట్టుకున్నాను. ఆ ఫైల్ ఎలైట్‌దైతే లోకల్ యాప్‌డేటా ఫోల్డర్‌లో ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్, అందులో ఎలైట్ డేంజరస్, ఆప్షన్స్, బైండింగ్స్.

కొత్త ప్లేయర్: ఒక్క నిమిషం, పెన్ను ఇస్తారా? లోకల్ యాప్‌డేటా, తర్వాత?