పర్లాకిమిడికి ఒక రోజు: గిడుగు వారి ఊరు సరిహద్దు అవతల ఎలా పడింది?

[దృశ్యం: పొద్దున్నే శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్. పాతపట్నం బోర్డు ఉన్న బస్సు, పక్కనే టీ కొట్టు.]

నమస్కారం. ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆయన ఫొటోకి దండ వేసిన బడిలోనే పిల్లల్ని అడగండి, ఆయన ఏ ఊళ్లో పంతులుగా పనిచేశారని. పర్లాకిమిడి అని చెబుతారు. ఆ పర్లాకిమిడి ఎక్కడుంది అని అడిగితే మాత్రం పెద్దవాళ్లు కూడా తడుముకుంటారు. ఆంధ్ర మ్యాపులో ఎంత వెతికినా ఆ ఊరు కనబడదు. అది ఒడిశాలో ఉంది, గజపతి జిల్లాకి ముఖ్య పట్టణం.

ఈ రోజు మనం అక్కడికే వెళ్తున్నాం. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వాడుక భాష కోసం అంత పోరాటం నడిచిన ఊరు తెలుగు రాష్ట్రం బయట ఎలా ఉండిపోయిందో దారిలో చెప్పుకుందాం.

[దృశ్యం: బస్సు కిటికీలోంచి వరి పొలాలు, దూరంగా తూర్పు కనుమలు.]

ముందు ప్రయాణం సంగతి. శ్రీకాకుళం నుంచి పాతపట్నానికి ఆర్టీసీ బస్సులుంటాయి. పాతపట్నం మన వైపు చివరి పెద్ద ఊరు. అక్కడ నీలమణి దుర్గ అమ్మవారి గుడి ఉంది. ఆ గుడికి అటు ఒడిశా నుంచి కూడా జనం బాగా వస్తారు. అమ్మవారికి దండం పెట్టుకుని షేర్ ఆటో ఎక్కితే కాసేపట్లో పర్లాకిమిడిలో దిగిపోతాం. సొంత బండి మీద వెళ్లేవాళ్లు కాగితాలన్నీ దగ్గర పెట్టుకుంటే చాలు.

ఆటో దగ్గర నిలబడితే వినబడే మొదటి మాట, "ఏటి బాబూ, కిమిడికేటి?"

ఇక్కడ ఆ ఊరిని కిమిడి అనే అంటారు. పూర్వం మూడు కిమిడి జమీందారీలుండేవి: పెద్ద కిమిడి, చిన్న కిమిడి, పర్లాకిమిడి. ఒడియాలో వాటినే బొడో ఖెముండి, సానో ఖెముండి, పారళా ఖెముండి అంటారు. సరిహద్దు దాటగానే బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా మారతాయి, బండ్ల నంబర్లు ఏపీ నుంచి ఓడీకి మారతాయి. మాట మాత్రం వెంటనే మారదు. మన వైపు పల్లెల్లో ఒడియా వచ్చినవాళ్లు చాలామంది, అవతల బజారులో తెలుగు వచ్చినవాళ్లు చాలామంది. బేరం మొదలుపెట్టిన భాషలోనే ముగియాలన్న పట్టింపు ఇక్కడ ఎవరికీ లేదు.

[దృశ్యం: పాతపట్నం రైల్వే స్టేషన్. బ్రాడ్‌గేజ్ పట్టాలు.]

రైలంటే ఇష్టమున్నవాళ్లు బస్సు వదిలేసి రైలెక్కండి. విశాఖపట్నం నుంచి గుణుపూర్ వెళ్లే పాసింజర్ నౌపడ జంక్షన్ దగ్గర మెయిన్ లైన్ వదిలి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరుతుంది. ఈ లైను కథ నాకు చాలా ఇష్టం.

1890ల్లో మద్రాసు, కలకత్తా మధ్య రైలు నౌపడ మీదుగా పోయేది. పర్లాకిమిడి అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. నౌపడలో ఉప్పు మడులున్నాయి, పర్లాకిమిడి వెనక కొండలూ వరి పొలాలూ ఉన్నాయి. అప్పటి రాజా గౌరచంద్ర గజపతి సొంతంగా రైలు వేయిస్తానని ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకున్నారు. 7 లక్షల రూపాయలు ఖర్చయింది. రెండున్నర అడుగుల వెడల్పున్న చిన్న పట్టాల మీద 1900 ఏప్రిల్ 1న రైలు నడిచింది. మొదటి పదేళ్లు నష్టాలే. తర్వాత కొద్దికొద్దిగా నిలదొక్కుకుంది, 1931 నాటికి గుణుపూర్ దాకా సాగింది. 2004లో ఆ చిన్న రైలు ఆపేసి పట్టాలు మార్చడం మొదలుపెట్టారు. ఇప్పుడున్నది మామూలు బ్రాడ్‌గేజ్. కానీ దారి పాతదే. ఆ పట్టాలు వేసేనాటికి ఇక్కడ సరిహద్దే లేదు. నౌపడ, పాతపట్నం, పర్లాకిమిడి, అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీవే. 36 ఏళ్ల తర్వాత వచ్చిన గీత ఈ పట్టాలకి అడ్డంగా పడింది.

[దృశ్యం: తెర మీద పాత మ్యాపు. మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తరపు కొస. ఎర్ర గీత మెల్లగా కదులుతుంది.]

ఆ గీత సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. మన ఇళ్లలో ఈ కథ ఒక వైపు నుంచే విన్నాం.

అప్పట్లో ఒడియా మాట్లాడేవాళ్లు నాలుగు ముక్కలుగా ఉన్నారు. కొందరు బెంగాల్, బిహార్ వైపు, కొందరు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, గంజాం వైపు వాళ్లు మద్రాసు కింద. ఎక్కడ చూసినా వాళ్లు తక్కువ మందే. ఒడియాని బడుల్లోంచే తీసేయాలన్న వాదన కూడా ఒక కాలంలో నడిచింది. 1903లో మధుసూదన్ దాస్ నాయకత్వంలో ఉత్కళ సమ్మిళని మొదలైంది. మా భాష వాళ్లందరికీ ఒక రాష్ట్రం కావాలి అన్నారు. మద్రాసు నుంచి విడిపోవాలని మనం పడిన బాధ ఎలాంటిదో వాళ్ల బాధా అలాంటిదే. మనకి 1953లో దొరికినది వాళ్లకి 1936లో దొరికింది.

పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి ఆ ఉద్యమానికి పెద్ద అండ. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఒడియా రాష్ట్రం కావాలని అడిగింది ఆయనే. 1931లో హద్దులు తేల్చడానికి ఓడొన్నెల్ కమిటీ వేశారు. ఇక్కడే చిక్కు. రాజా గారి ఎస్టేటులో మైదాన గ్రామాలు చాలావరకు తెలుగువి. కొండల మీద ఉండేది సవరలనే గిరిజనులు. వాళ్ల భాష తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. ఊళ్లో రెండు భాషలూ కలిసి ఉన్నాయి. ఇలాంటి చోట ఏ గీత గీసినా ఎవరో ఒకరి ఇంటి మధ్యలోంచే పోతుంది.

1933లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రంలో పర్లాకిమిడి ఒరిస్సాలో లేదు. రాజా మళ్లీ లండన్ వెళ్లి తన వాదన వినిపించారు. 1934లో పార్లమెంటు జాయింట్ కమిటీ ఎస్టేటుని రెండుగా చీల్చింది. పర్లాకిమిడి ఊరు, మాళియాలనే కొండ ప్రాంతాలు, కొంత మైదానం ఒరిస్సాకి. ఎక్కువ భాగం గ్రామాలు మద్రాసుకి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రం అయింది. మరుసటి ఏడాది దానికి మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి, అప్పట్లో అలాగే అనేవారు) ఈ రాజా గారే. గజపతి జిల్లాకి ఆ పేరు ఆయన మీదే పెట్టారు.

అలా కోట ఒక రాష్ట్రంలో, ఆ కోటకి శిస్తు కట్టిన ఊళ్లు చాలావరకు ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. పాతపట్నం, పర్లాకిమిడి ఇప్పటికీ ఒకే ఊరి రెండు వీధుల్లా కనిపించడానికి కారణం ఇదే.

[దృశ్యం: పర్లాకిమిడి కాలేజీ గేటు. సైకిళ్ల మీద విద్యార్థులు.]

ఇప్పుడు మనం అసలు వచ్చిన చోటికి వచ్చాం. ఇది శ్రీ కృష్ణచంద్ర గజపతి కాలేజీ. రాజావారి బడి 1896లో కాలేజీ అయింది, దాని నేటి రూపం ఇది. 1880లో, పదిహేడేళ్లు నిండీ నిండకుండానే, గిడుగు రామమూర్తి రాజావారి బడిలో 30 రూపాయల జీతం మీద పంతులుగా చేరారు. తర్వాత కాలేజీలో చరిత్ర చెప్పారు. 1911లో రిటైరయ్యారు.

ఆయన ఇక్కడ మొదట పట్టుకున్నది తెలుగు కాదు, సవర భాష. చుట్టుపక్కల కొండల నుంచి దిగి వచ్చే సవరల మాట ఆయన చెవిన పడేది. నేర్చుకుందామంటే పుస్తకం లేదు, నిఘంటువు లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాట అడిగి నేర్చుకున్నారు. సంతాలీ, ముండారీ కుటుంబానికి చెందిన భాష అది. మన చెవికి అలవాటు లేని ధ్వనులుంటాయి. వాళ్ల నోట ఎలా పలికితే అలాగే రాసుకున్నారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారని చెబుతారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. ఒక్క భాష మీద నలభై ఏళ్లకు పైగా కూర్చున్న మనిషి!

ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. సవర పిల్లవాడికి వాడి ఇంటి మాటలో పాఠం చెప్పిన పంతులు, తెలుగు పిల్లవాడి పుస్తకం తెరిస్తే ఏం కనబడింది? వాడూ వాడి అమ్మా ఎప్పుడూ పలకని తెలుగు. 1907 ప్రాంతంలో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి, మీ పుస్తకాల భాషకీ ఇళ్లలో భాషకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. అక్కడి నుంచి గిడుగు వారు వ్యావహారిక భాష పట్టు వదల్లేదు. విజయనగరం బడిలో ఆయనతో చదువుకున్న గురజాడ అప్పారావు గారు తోడు నిలిచారు. గిడుగు వారు 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి మరీ వాదించారు. మనం ఈ రోజు పేపరు చదువుతున్న తెలుగు, నేను ఈ వీడియోలో మాట్లాడుతున్న తెలుగు, దీని వెనక ఈ ఊళ్లో గడిచిన ఆ ఏళ్లున్నాయి.

[దృశ్యం: కాలేజీ ఎదురు వీధి. కెమెరా నిలకడగా ఉంటుంది. కొన్ని క్షణాలు వీధి చప్పుడు మాత్రమే.]

ఊరిని ఒరిస్సాలో కలపడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. రాజా ఒక వైపు, రాజావారి కాలేజీలో పనిచేసిన పంతులు ఇంకో వైపు. 1936లో ఊరు ఒరిస్సాలోకి వెళ్లగానే, 72 ఏళ్ల వయసులో, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరిని వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరిలో కన్నుమూశారు.

అదే 1936లో ఇంకొకటి జరిగింది. గుణుపూర్ వైపు మంగేయి గమాంగో అనే సవర పెద్ద తన భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని తయారుచేశారు. రెండు పెద్ద భాషలు ఊరి కోసం పోట్లాడుతున్న సమయంలో, ఆ కొండల అసలు మనుషులు తమ అక్షరాలు తామే రాసుకున్నారు.

[దృశ్యం: రాజావారి కోట, బృందావన్ ప్యాలెస్ బయటి గోడలు. తర్వాత బజారు.]

కోట, బృందావన్ ప్యాలెస్, జగన్నాథుడి గుడి, మూడూ ఊళ్లోనే ఉన్నాయి. మధ్యాహ్నం ఎండ ముదరకముందే చూసేయండి. నాకైతే బజారులోనే ఎక్కువ సేపు గడిచింది. కొమ్ము బొమ్మలు ఇక్కడి పేరున్న పని. ఆవు, గేదె కొమ్ముని వేడి చేస్తే మెత్తబడుతుంది. అలా మెత్తబడినప్పుడే కావలసినట్టు వంచి, కోసి, ఆకురాయితో అరగదీసి నునుపు తెస్తారు. కొంగలు, నెమళ్లు, దువ్వెనలు చేస్తారు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే పల్చటి చోట తేనె రంగు కనబడుతుంది. ప్లాస్టిక్ దువ్వెన వచ్చాక ఈ పనికి గిరాకీ పడిపోయింది. ఒక్క దువ్వెన కొన్నా ఆ చేతికి పని దొరికినట్టే. బేరం మరీ గట్టిగా ఆడకండి.

ఆకలేస్తే మన ఇడ్లీ, దోసె దొరుకుతాయి. అయినా స్వీటు కొట్టులో ఛెనా పోడా ఉందేమో అడగండి. విరిగిన పాల ముద్దని పంచదారతో కలిపి కాలుస్తారు, పైన మాడిన చక్కెర వాసన వస్తుంది. అది తిని రండి.

[దృశ్యం: సాయంత్రం. తిరుగు దారి. తర్వాత శ్రీముఖలింగం గుడి గోపురం.]

సొంత బండి ఉంటే తిరిగి వచ్చేటప్పుడు వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం మీదుగా రండి. ఈ గుడి గోడల మీది శాసనాలు గిడుగు వారు స్వయంగా చదివారు. పూర్వం కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని వాదించారు. పర్లాకిమిడి రాజులు తాము ఆ గాంగుల వంశమేనని చెప్పుకుంటారు. వాళ్ల మూల రాజధాని మన జిల్లాలో ఉంటే, మన పంతులు గారి బడి వాళ్ల జిల్లాలో ఉంది.

బస్సులో తిరిగి వచ్చేవాళ్లు ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. పాతపట్నంలో దిగగానే ఆఖరి బస్సు ఎప్పుడో కనుక్కోండి, సాయంత్రం టెన్షన్ ఉండదు.

ఇక నాదో మనవి. మీ తాతగారో అమ్మమ్మగారో పర్లాకిమిడిలో చదువుకుని ఉంటే, ఆ చిన్న రైలెక్కి ఉంటే, ఫోన్ తీసి వాళ్ల మాట రికార్డు చేయండి. పది నిమిషాలు చాలు. వాళ్లు మాట్లాడినట్టే ఉండనివ్వండి, సరిదిద్దకండి.

[దృశ్యం: చీకటి పడుతున్న పాతపట్నం స్టాండు. కెమెరా వెనక నుంచి ఆటో అతని గొంతు: "కిమిడి, కిమిడి, ఇంకొక్కరే, ఎక్కండి బాబూ."]