బోరింగు మేస్త్రి మావయ్యగారు

శ్రోతలకు నమస్కారం.

ఈ కొద్దిసేపూ మా మావయ్యగారి గురించి చెబుతాను. పర్లాకిమిడిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. వీధిలో మేస్త్రిగారు, చర్చి సంఘంలో పెద్దగారు. మొన్న చలికాలంలో ప్రభువునందు నిద్రించారు. ఆయన చేతులు ఎన్ని ఇళ్ళలో తిరిగాయో, ఎన్ని వస్తువుల్ని మళ్ళీ నడిపించాయో నేను చూశాను కనక ఈ నాలుగు మాటలూ నేనే చెప్పాలనిపించింది.

నాది పాతపట్నం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, మా ఊరు ఇటు ఉండిపోయింది. పెళ్ళై అక్కడికి వెళ్తే ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఆదివారం ఆరాధనలో మళ్ళీ తెలుగు. మావయ్యగారు చదువుకున్నది ఒడియాలో. తెలుగు అక్షరాలు మాత్రం కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నారట. అందుకే ఏ తెలుగు కాగితం చేతికిచ్చినా కొంచెం రాగం తీస్తూ చదివేవారు, కరెంటు బిల్లయినా సరే. ఆ గొంతు నాకు చాలా ఇష్టం.

ఉద్యోగం చిన్నరైలులో, అంటే నేరోగేజిలో, ఫిట్టరుగా. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన లైను అది. 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ చిన్నరైలు ఆగిపోయింది, అదే ఏడు ఆయనా రిటైరయ్యారు. పెద్దరైలు, అంటే బ్రాడ్‌గేజి, వచ్చేసరికి ఆయన పనిముట్ల పెట్టె ఇంటి అరుగు మీదికి చేరిపోయింది. కుట్టుమిషను, ప్రెషర్ కుక్కరు, సైకిలు, చర్చి హార్మోనియం తిత్తి, ఎవరు ఏది తెచ్చినా కాదనేవారు కాదు. డబ్బు విషయం అడిగితే "సామాను ఖరీదు ఇవ్వండి చాలు" అనేవారు.

కానీ ఒక షరతు పెట్టేవారు. ఆ వస్తువు ఎవరిదో, వాళ్ళింట్లో ఒక మనిషి పక్కన కూచుని రెండో పానా పట్టుకోవాలి. పట్టుకోకపోతే పని మొదలుపెట్టేవారు కాదు. "నేను బాగుచేసి ఇచ్చేస్తే మళ్ళీ పాడైన రోజున నన్నే వెతుక్కోవాలి. నేను లేకపోతే?" అనేవారు. దేవుడు చేతికి ఇచ్చిన పనిని ఆ చేతితోనే పోనివ్వకూడదని ఆయన నమ్మకం. చేతికి వచ్చిన పని ఏదైనా శక్తిలోపం లేకుండా చెయ్యమని బైబిల్లో ప్రసంగి చెప్పాడు కదా. మావయ్యగారు దానికి ఇంకో మాట కలిపేవారు: చేసేటప్పుడు ఇంకొకరిని పక్కన కూచోబెట్టుకో.

2018 అక్టోబరు 11. తిత్లీ తుపాను. ఆ రోజు ఎక్కడున్నారో శ్రీకాకుళం జిల్లాలో, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో ఎవర్ని అడిగినా చెబుతారు. కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి, వంశధార పొంగింది, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకు నిండదు, ట్యాంకు నిండకపోతే కుళాయి రాదు. ఊరి చుట్టూ వరదనీళ్ళు ఉన్నాయి గానీ తాగడానికి గుక్కెడు లేవు.

కాశీనగర్ వైపు మా ఆడపడుచు అత్తవారి ఊరు. అక్కడి నుంచి కబురొచ్చింది: ఊళ్ళో ఒకే ఒక బోరింగు ఉంది, కొడితే గాలి తప్ప నీళ్ళు రావడం లేదు. మావయ్యగారికి అప్పటికే డెబ్భై దాటింది. మా ఆయన విశాఖలో చిక్కుకుపోయారు. "అమ్మా, సంచి పట్టుకుని నువ్వు రాగలవా?" అని నన్నడిగారు. కొంత బండి మీద, కొంత కాలినడకన, పడిపోయిన చెట్లు దాటుకుంటూ వెళ్ళాం.

ఆయన సంచిలో ఒక హార్లిక్సు సీసా ఉంది. ఆ సీసా మా వంటింటి అటక మీద ఎప్పుడూ ఉండేది. అందులో ఆముదం, ఆముదంలో నానుతూ గిన్నె ఆకారంలో తోలు వాషర్లు. వాషరు అరిగితే కొత్తది అప్పటికప్పుడు ఎండుతోలుతో వెయ్యకూడదు, నానితేనే పంపు అడుగునుండే సిలిండరు గోడకి ఒత్తుకుంటుంది అనేవారు. ఇప్పుడు రబ్బరువి వస్తున్నాయి, బజార్లో దొరుకుతాయి. కానీ ఆ వారం ఏ బజారూ తెరిచి లేదు. ఆ సీసా ఉంది.

ఊళ్ళోకి వెళ్ళగానే ఆయన పంపు ముట్టుకోలేదు. "పొద్దున్నే మొదటి బిందె ఎవరు పడతారమ్మా?" అని అడిగారు. ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. "తుపానుకి ముందు ఎన్ని దెబ్బలకి నీళ్ళొచ్చేవి?" ఆవిడ ఆలోచించి, "కుళాయి వచ్చాక దీన్నెవరు కొట్టారు బాబూ. ఆఖరికి కొట్టినప్పుడు ఇరవై ముప్పై దెబ్బలు పట్టేది" అంది. మావయ్యగారు తలూపారు. జబ్బు తుపానుకి ముందునుంచే ఉందని ఆయనకి అప్పుడే తెలిసిపోయింది.

తర్వాత హ్యాండిలు పట్టుకుని చూశారు. హ్యాండిలు దూదిలా తేలిపోతే లోపల రాడ్డు ఊడిపోయిందని అర్థం. బరువుగానే ఉండి నీళ్ళు రాకపోతే వాషరు అరిగిందని అర్థం. చాలాసేపు కొట్టాక వస్తే అడుగున వాల్వు కారిపోతోందని, రాత్రంతా పైపులో నిలవాల్సిన నీళ్ళు మళ్ళీ బోరులోకి దిగిపోయాయని అర్థం. ఇదంతా ఆయన చెబుతుంటే మగవాళ్ళు చుట్టూ నిలబడి వింటున్నారు. ఆయన వాళ్ళని చూడకుండా ఆడవాళ్ళని పిలిచారు. "బిందె మోసేది మీరు. పానా మీరు పట్టుకోండి."

పని మొదలుపెట్టే ముందు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు. ఆ ఊళ్ళో సంఘం లేదు, విశ్వాసులు మా ఆడపడుచు ఇంటివాళ్ళే. "ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోండమ్మా" అని ఆయన కళ్ళు మూసుకున్నారు. అందరూ నిలబడ్డారు. నాకు చర్చిలో ఎన్నో ప్రార్థనలు తెలుసు. ఆ ప్రార్థనే ఎక్కువ జ్ఞాపకం.

ఇండియా మార్క్ టూ అనే రకం చేతిపంపు అది. దాని పైపు ఒక్కోటి మూడు మీటర్లు. వాషరు మార్చాలంటే పైపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పైకి లాగాలి. చెయ్యి జారితే మొత్తం బోరులో పడిపోతుంది, ఇక ఆ బోరు ఉన్నా లేనట్టే. అందుకని ప్రతి పైపుకీ కింద క్లాంపు బిగించాకే పైది విప్పనిచ్చేవారు. "బిగించావా?" "బిగించాను." "మళ్ళీ చూడు." పది పైపులకీ ఇదే మాట. బిగించావా, మళ్ళీ చూడు. ఎవరూ విసుక్కోలేదు. ఆఖరికి సిలిండరు వచ్చింది, విప్పితే తోలు వాషరు చిరిగి పీలికలై ఉంది. కొత్త వాషరు ఆయన వెయ్యలేదు. మొదటి బిందె పట్టే ఆ పెద్దావిడ కోడలి చేత వేయించారు.

సాయంత్రం అయిపోయింది. మొదట తుప్పునీళ్ళు, తర్వాత బురదనీళ్ళు, తర్వాత తేటనీళ్ళు. ఒక్కరినీ తాగనివ్వలేదు. వరద ముంచిన బోరు అది, బ్లీచింగు వేసి, ఒక రాత్రి ఉంచి, మర్నాడు ఆ నీళ్ళన్నీ కొట్టి పారబోశాకే తాగాలి అన్నారు. అప్పటిదాకా కాచి చల్లార్చిన నీళ్ళే. ఆ రాత్రి అక్కడే ఉన్నాం. పొద్దున్న మగవాళ్ళ చేతికి పార ఇచ్చి, పంపు దిమ్మ చుట్టూ నీళ్ళు నిలవకుండా కాలవ తీయించి, ఆ కాలవని అరటిమొక్కల్లోకి తిప్పించాకే బయల్దేరారు.

ఈ పంపు పుట్టుక కథ చెప్పడమంటే ఆయనకి ఎంతో ఇష్టం. మొదట్లో ఊళ్ళలో పెట్టిన పోత ఇనుప పంపులు ఒక ఇంటి వాడకానికి చేసినవి, ఊరంతా కొడితే విరిగిపోయేవి. మహారాష్ట్రలో జాల్నాలో, షోలాపూర్‌లో మిషన్‌వాళ్ళు పని చేస్తూ ఉక్కుతో గట్టి పంపులు తయారు చేసుకున్నారు. ఆ షోలాపూర్ పంపు ఆధారంగానే 1970లలో ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసి మార్క్ టూ తయారు చేయించాయి. "చూశావా అమ్మా, ప్రార్థన చేసే చేతులే పానా కూడా పట్టాయి" అనేవారు. అది చెప్పేటప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూడాల్సిందే.

ఉత్తరప్రదేశ్‌లో బాందా అనే జిల్లా ఉంది. అక్కడ తొంభైల్లోనే ఆడవాళ్ళు చేతిపంపులు బాగుచెయ్యడం నేర్చుకున్నారు. మన ఊళ్ళలో ఎందుకు నేర్చుకోకూడదని నాకనిపిస్తుంది. బోరింగు ఆగిపోతే దూరం నడిచేది ఆడవాళ్ళే కదా.

మావయ్యగారి జ్ఞాపకార్థ కూటానికి ఆ ఊరి నుంచి మనుషులొచ్చారు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పాక, ఆ రోజు వాషరు వేసిన కోడలు లేచి నిలబడింది. ఆమె సంఘస్థురాలు కాదు, అయినా మాట్లాడతానంది. తుపాను తర్వాత వాషరు రెండుసార్లు మార్చామని, మేస్త్రిగారిని పిలవలేదని, పిలవలేదని తెలిసి ఆయన చాలా సంతోషించారని చెప్పింది. మా అత్తయ్యగారు అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చారు.

నాకు సమయం అయిపోతోంది. ఆయన నేర్పిన ఒక్క పని మీకు చెప్పి ముగిస్తాను, దయచేసి వినండి. ఇంటింటికీ కుళాయి వచ్చినా మీ ఊరి బోరింగుని వదిలెయ్యకండి. రేపు తెల్లవారకముందు, ఎవరూ ముట్టుకోకముందు, దాని దగ్గరికి వెళ్ళండి. కొట్టండి, లెక్కపెట్టండి. రెండు మూడు దెబ్బలకి నీళ్ళొస్తే పంపు బాగున్నట్టు. అయిదు దాటితే అడుగు వాల్వు కారుతోందని అనుమానించాలి. పది దాటితే ఇక ఆగకండి, పంచాయతీకి చెప్పండి, మెకానిక్‌ని పిలవండి. ఇది మావయ్యగారి లెక్క. నెలకొకసారి పై మూత తీయించి గొలుసుకి గ్రీజు పెట్టించండి. ఆ దెబ్బల లెక్క, తేదీ పక్కనున్న గోడ మీద బొగ్గుతోనైనా రాయండి. వచ్చే నెల మళ్ళీ రాయండి. లెక్క పెరుగుతుంటే ఎండాకాలానికి ముందే తెలిసిపోతుంది, తుపానుకి ముందే తెలిసిపోతుంది.

మెకానిక్ వచ్చిన రోజున మీ ఇంట్లో ఒక అమ్మాయిని పక్కన కూచోబెట్టండి. రెండో పానా ఆమె చేతికివ్వండి.

నమస్కారం.