కిట్‌లో దొరికేది, కిట్‌లో దొరకనిది: డిజిటల్ స్క్రాప్‌బుకింగ్‌పై ఒక ప్రసంగం

ఇవాళ్టి వర్క్‌షాప్‌కు వచ్చిన అందరికీ నమస్కారం.

డిజిటల్ స్క్రాప్‌బుకింగ్ అనే మాట కొత్తగా వింటున్నవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. స్క్రాప్‌బుక్ అంటే ఫోటోలు, ఉత్తరాలు, టికెట్లు, ఎండిన పువ్వులు, వాటి పక్కన నాలుగు వాక్యాలు చేర్చి అతికించుకునే పుస్తకం. అదే పని కత్తెర, జిగురు లేకుండా కంప్యూటర్‌లో చేస్తే డిజిటల్ స్క్రాప్‌బుకింగ్. పేజీ సాధారణంగా 12 అంగుళాల చదరం. మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలి కాబట్టి 3600 బై 3600 పిక్సెళ్ళ ఖాళీ పేజీ తెరుస్తాం. అడుగున ఒక పేపరు, దాని మీద ఫోటో, ఫోటో చుట్టూ రిబ్బన్లు, గుండీలు, ఆకులు, ట్యాగులు. వీటిని ఎలిమెంట్లు అంటారు. ఒక్కొక్కటి ఒక్కో లేయర్ మీద, అంటే ఒకదానిపై ఒకటి పరిచిన పారదర్శకమైన పొర మీద ఉంటుంది. ఒకే రంగుల వరసలో పేపర్లు, ఎలిమెంట్లు, అక్షరాలు కలిపి అమ్మితే అది కిట్. అమెరికాలో ఇరవై ఏళ్ళకు పైగా ఇదొక చిన్న వ్యాపారంగా నడుస్తోంది.

ఈ పని చేసేవాళ్ళ మధ్య ఒక పాత తగాదా ఉంది. పువ్వు ఎవరో గీశారు, రంగులు ఎవరో కుదిర్చారు, మీరు మౌస్‌తో జరిపి పెట్టారంతే కదా, ఇందులో మీ సృజన ఏముంది అని ఒక పక్షం అడుగుతుంది. అన్నీ నేనే గీసుకుంటూ కూర్చుంటే పాప మొదటి పుట్టినరోజు పేజీ దాని పెళ్ళినాటికి పూర్తవుతుంది అని రెండో పక్షం. నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. ఎలిమెంట్ ఎవరు చేశారన్నది తర్వాత సంగతి. పేజీలో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో ఎవరు నిర్ణయించారు? నేను ముందు చూసేది అది. రెడీమేడ్ సామానుతో చిక్కు కూడా అక్కడే వస్తుంది. సామానుతో పాటు ఇంకొకరి నిర్ణయాలు కూడా చప్పుడు లేకుండా మన పేజీలోకి వచ్చేస్తాయి.

రెడీమేడ్ అనేది కంప్యూటర్ తెచ్చిపెట్టిన జబ్బేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లండ్, జర్మనీల్లో దేవదూతలు, గులాబీలు, పిల్లికూనల బొమ్మలు రంగుల్లో అచ్చువేసి, అంచుల వెంబడి కోసి, షీట్లుగా అమ్మేవారు. ఆడవాళ్ళు, పిల్లలు కొనుక్కుని ఆల్బమ్‌లలో అతికించుకునేవారు. 1873లో రచయిత మార్క్ ట్వేన్ పేజీల మీద ముందే జిగురు పూసి ఉంచిన స్క్రాప్‌బుక్‌కు పేటెంట్ తీసుకున్నాడు. తడి చేసి అతికించడమే. అంటే శ్రమ తగ్గించి అమ్మడమనే ఆలోచనకు నూటయాభై ఏళ్ళు నిండాయి.

దానికి నూరేళ్ళ ముందు, ఇంగ్లండ్‌లోనే, మేరీ డెలానీ అనే ఆవిడ సరిగ్గా వ్యతిరేక దిశలో పని చేశారు. భర్త పోయాక, 72 ఏళ్ళ వయసులో, రంగు కాగితాలను రేకు రేకుగా కత్తిరించి నల్లటి కాగితం మీద పూలమొక్కలను అతికించడం మొదలుపెట్టారు. చూపు మందగించేదాకా, పదేళ్ళలో దాదాపు వెయ్యి చేశారు. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చేతిపనికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. అయితే ఒక చిన్న సంగతి ఉంది. కొన్నిచోట్ల ఆవిడ ఆకును కత్తిరించలేదు, ఆ మొక్క ఆకునే తెచ్చి అతికించారు. అంత నేర్పున్న మనిషి కూడా, అక్కడ నిజం ఆకే బాగుంటుందని తోస్తే కత్తెర పక్కన పెట్టారు.

మన దగ్గర కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టాక లక్ష్మి, సరస్వతి బొమ్మలు వేలకొద్దీ అచ్చై ఇళ్ళలోకి వచ్చాయి. ఒకే అచ్చు, ఒకే లక్ష్మి. కానీ కొన్ని ఇళ్ళలో ఆ అచ్చుబొమ్మ చీరకు జరీ కుట్టారు, నగల మీద చమ్కీలు, పూసలు అంటించారు, చీర భాగం మీద నిజం గుడ్డ అతికించి ఫ్రేమ్ కట్టించారు. అలాంటి పటాలు పాత సామాన్ల దుకాణాల్లో, మ్యూజియాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ లక్ష్మి రెడీమేడా, చేతిపనా? నా మటుకు నాకు అదే అసలైన స్క్రాప్‌బుకింగ్.

ఇప్పుడు మన పెళ్ళి ఆల్బమ్‌ల దగ్గరికి వద్దాం. తెలుగు ఇళ్ళలో స్క్రాప్‌బుక్ అనే పేరు వినకపోయినా కరిజ్మా ఆల్బమ్ లేని ఇల్లు అరుదు. రెండు పేజీలు కలిపి తెరిస్తే 12 బై 36 అంగుళాలు. స్టూడియోలో డిజైనర్ దగ్గర పీఎస్‌డీ ఫైళ్ళ గుట్ట ఉంటుంది. ఫ్రేములు, అలంకారాలు ముందే అమర్చి పెట్టిన ఫోటోషాప్ పేజీలవి, టెంప్లేట్లు అంటారు. ఒకప్పుడు డీవీడీల్లో కొనేవారు, ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోనో, డౌన్‌లోడ్‌గానో వస్తున్నాయి. అందులో గులాబీల కుప్ప, హంసల జంట, ఏదో యూరప్ కోట, ఇంగ్లీషులో రెండు ప్రేమ వాక్యాలు. జీలకర్ర బెల్లం పెడుతున్న ఫోటో వెనక చెర్రీ పూలు రాలుతుంటాయి. పక్క వీధి పెళ్ళి ఆల్బమ్‌లోనూ అవే చెర్రీ పూలు.

డిజైనర్‌ను తప్పుపట్టడం తేలిక. నేను పట్టను. ముహూర్తాలన్నీ ఒకేసారి వస్తాయి, ఆల్బమ్‌లన్నీ ఒకేసారి అడుగుతారు, ఒక్కోదాంట్లో వందల ఫోటోలు. టెంప్లేట్ లేకపోతే అతని సంసారం గడవదు. కానీ టెంప్లేట్ ఏం చేస్తుందో గమనించండి. అందులో అయిదు ఫ్రేములుంటే, రెండు ఫోటోలు చాలిన సందర్భానికి కూడా అయిదు దూర్చాల్సిందే. కన్నీళ్ళతో నిలబడ్డ అప్పగింతల ఫోటో కూడా నిలువు ఫ్రేమే ఉంది కాబట్టి, పక్కనున్న తండ్రి చేతిని కోసేసుకుని కూర్చుంటుంది. ఫోటో ఏం చెబుతోందో చూడకముందే ఫ్రేము తీర్పు ఇచ్చేసింది. మన ఇంటి పేజీకి ఆ హడావిడి లేదు కదా. టెంప్లేట్ వాడుకోండి, పరవాలేదు. వాడేముందు ఫోటోలను ఖాళీ పేజీ మీద పెట్టి కాసేపు చూడండి. ఎన్ని ఫోటోలు కావాలో, ఏది పెద్దదో అప్పుడు తేల్చుకుని, దానికి సరిపోయే టెంప్లేట్ వెతకండి. సరిపోనిచోట ఫ్రేము లేయర్ డిలీట్ చేయండి. డబ్బిచ్చి కొన్నదాన్ని తీసేయడానికి చేయి రాదు, అది నాకూ తెలుసు.

నీడ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రెడీమేడ్ బయటపడేది ఎక్కువగా అక్కడే. ఎలిమెంట్ కాగితం మీద నిజంగా ఉన్నట్టు కనిపించాలంటే దాని కింద నీడ ఉండాలి. కొన్ని కిట్లలో నీడ బొమ్మతో కలిసిపోయి వస్తుంది. వెలుతురు ఎడమవైపు నుంచి పడుతున్నట్టు చేసిన పువ్వును మనం అద్దంలోలాగా తిప్పితే వెలుతురు కుడివైపుకు మారిపోతుంది. పక్కన గుండీ నీడ ఒకవైపు, పువ్వు నీడ ఇంకోవైపు. చూసేవాళ్ళు కారణం చెప్పలేరు గానీ ఏదో అతికినట్టు లేదని వాళ్ళ కంటికి తెలిసిపోతుంది. అందుకే నీడ లేని ఎలిమెంట్లు ఎంచుకుని, నీడ మనమే వేసుకోవాలి. ఫోటోషాప్‌లో గ్లోబల్ లైట్ టిక్ చేస్తే అన్ని లేయర్లకూ ఒకే దిక్కు వస్తుంది. పల్చటి కాగితానికి సన్న నీడ, లావు గుండీకి కొంచెం దూరంగా, మెత్తగా. అలాగే, చిరిగిన కాగితం అంచును ఒకే పేజీలో రెండుసార్లు వాడకండి. చేత్తో చించిన కాగితాలు రెండు ఒకేలా చిరగవు.

ఇక చేతిపని. చేత్తో చేసిందల్లా సృజనే అనుకోవద్దు. ఎవరి వీడియోనో చూసి అదే రేకుల పువ్వును అదే రంగుల్లో గీస్తే, మన చేయి నొప్పి పుట్టింది తప్ప కొత్తగా వచ్చిందేమీ లేదు. కిట్‌లో దొరకనిదాని కోసమే చేతిని శ్రమపెట్టాలంటాను.

ముగ్గు తీసుకోండి. కిట్లలో ‘రంగోలీ’ అని వెతికితే కాంపాస్‌తో గీసినట్టు గుండ్రటి డిజైన్లు వస్తాయి. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ తిప్పిన మెలికల ముగ్గు దొరకడం కష్టం. దొరికినా గీత లావు అంతటా ఒక్కటే. నిజం ముగ్గులో వేళ్ళ మధ్య పిండి అయిపోయిన చోట గీత సన్నబడుతుంది, మళ్ళీ పిండి తీసుకున్న చోట చిన్న ముద్ద పడుతుంది. అది కావాలి మనకు. దాన్ని పేజీలోకి తేవడం చాలా తేలిక కూడా. కళ్ళాపి చల్లిన తడి నేల మీద వేసిన ముగ్గును సరిగ్గా పైనుంచి ఫోటో తీయండి. ఏటవాలు ఎండ పడకముందే తీయాలి, లేకపోతే ప్రతి గడ్డి పరకా నీడతో సహా వచ్చేస్తుంది. ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసి, లెవెల్స్ అనే వెలుగునీడల సాధనంతో నేలను బాగా నల్లబరచండి. ఆ లేయర్‌ను స్క్రీన్ అనే బ్లెండింగ్ మోడ్‌లో పెడితే నలుపు మాయమై తెల్లటి గీత మాత్రం పేపరు మీద నిలుస్తుంది. అడుగు పేపరు ముదురు రంగుదైతేనే గీత కనిపిస్తుందని గుర్తుంచుకోండి. అపార్ట్‌మెంట్ టైల్స్ మీద ఇది కుదరదు. నల్ల చార్టు మీద వేసి తీయండి.

తెల్ల కాగితం మీద నల్ల సిరాతో రాసింది, గీసింది అయితే దీనికి తిరగేసి. మల్టిప్లై మోడ్‌లో తెలుపు పోయి సిరా మిగులుతుంది. స్కానర్ ఉంటే 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున చేయండి. అప్పుడు పేజీలో రెండింతలు పెద్దది చేసినా 300కు తగ్గదు.

సిరా మాట వచ్చింది కాబట్టి అక్షరాల సంగతి. తెలుగులో పేజీ చేయాలనుకునేవాళ్ళకు కిట్ చేతులెత్తేసేది ఇక్కడే. కిట్‌లో ‘ఆల్ఫా’ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. చెక్కతోనో, గుండీలతోనో, దారంతోనో చేసిన ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కోటి ఒక్కో బొమ్మ. ఇరవై ఆరు బొమ్మలు పక్కపక్కన పేర్చుకుంటే ఏ పేరైనా వచ్చేస్తుంది. మనకు అలా కుదరదు. ‘సంక్రాంతి’ అని రాయాలంటే మధ్యలో ఆ ‘క్రాం’ ఎక్కణ్ణుంచి వస్తుంది? గుణింతాలు, ఒత్తులు కలిస్తే వందల రూపాలు. ఎంత ఓపికున్న డిజైనరైనా అవన్నీ గుండీలతో చేసి అమ్మడు. దాంతో మనవాళ్ళు ఏం చేస్తారంటే, తెలుగింటి పండగకు ఇంగ్లీషులో ‘హ్యాపీ పొంగల్’ అని పెట్టేస్తారు. భాష కూడా కిట్టే నిర్ణయించిందన్నమాట.

దారి రెండు రకాలుగా ఉంది. మొదటిది ఫాంటు. మండలి, రామభద్ర, పెద్దన, ధూర్జటి లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మాట టైపు చేసి, దాని పై లేయర్‌లో కిట్‌లోని చెక్క పేపరో, గుడ్డ పేపరో పెట్టి క్లిప్పింగ్ మాస్క్ చేయండి. అక్షరాల ఆకారంలోనే చెక్క కనిపిస్తుంది. ఇంగ్లీషు ఆల్ఫా చేసే పని ఇలా తెలుగులో అయిపోతుంది. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే కంగారు పడకండి, 2022కు ముందటి వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర దక్షిణాసియా భాషల ఆప్షన్ ఎంచుకుంటే సర్దుకుంటుంది. మరీ పాత వెర్షన్లలో ఆ ఆప్షన్ ఉండదు. స్టూడియోలవాళ్ళు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లు పట్టుకుని ఉండడానికి ఇదొక కారణం.

రెండోది చేతిరాత. నాకు ఇదే ఇష్టం. టైటిల్‌ను ఇంట్లో పెద్దవాళ్ళ చేత రాయించండి. తలకట్టు ఒక్కొక్కరు ఒక్కోలా పెడతారు. పాత తరంవాళ్ళ ‘మ’, ‘య’ చూడగానే ఎవరి రాతో చెప్పేస్తాం. ఆవకాయ పేజీ చేస్తున్నారనుకోండి. జాడీ బొమ్మ కిట్‌లోది పెట్టుకోండి, ఎవరికీ నష్టం లేదు. కానీ ‘ముక్కలు ఇన్ని, ఆవపిండి ఇంత’ అన్న కొలత అమ్మమ్మ నోట్‌బుక్‌లోంచి, నూనె మరకతో సహా స్కాన్ అయి రావాలి. నూనె మరకలు కూడా కిట్లలో అమ్ముతారు, నవ్వకండి. కాఫీ కప్పు మరకలు, కాలిన అంచులు, కుట్టు దారాలు, అన్నీ ఉన్నాయి. మన ఇంట్లో అసలు మరక ఉండగా దాన్ని కొనుక్కోవడం ఎందుకని మాత్రమే నా ప్రశ్న.

శుభలేఖ కూడా అంతే. నాలుగు మూలలా పసుపు అద్దిన శుభలేఖ ఏ కిట్‌లోనూ రాదు. అది మనం గీసిందీ కాదు, అంగట్లో కొన్నదీ కాదు. అచ్చు ప్రెస్‌ది, పసుపు అమ్మ వేలిది. ఇలాంటి కాగితాల కోసం బీరువా అడుగు వెతకండి. ఒక్క హెచ్చరిక. ఇప్పటి బస్సు టికెట్లు, బిల్లులు థర్మల్ కాగితం మీద వస్తున్నాయి. కొన్నాళ్ళకు తెల్లబడిపోతాయి. వచ్చిన వారంలోనే స్కాన్ చేసుకోవాలి.

హక్కుల గురించి క్లుప్తంగా. కిట్ కొంటే మీ పేజీకి వాడుకునే హక్కు వస్తుంది, కిట్‌ను చుట్టాలకు పంచే హక్కు రాదు. చేసిన పేజీలు అమ్మాలనుకుంటే లైసెన్స్‌లో ఆ మాట ఉందో లేదో చదవాలి. గూగుల్‌లో కనిపించిన బొమ్మ ఎవరిదో ఒకరిదే. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన 60 ఏళ్ళకు చిత్రం మీద కాపీరైట్ తీరిపోతుంది. రవివర్మ 1906లో పోయారు కాబట్టి ఆయన చిత్రాలతో చిక్కు లేదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000 ఫోటోలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలిపెట్టింది. పాత పూల బొమ్మలు, బట్టల నమూనాలు అందులో బోలెడు. డబ్బు పెట్టకుండా దొరికే రెడీమేడ్ అది.

మరి ఏఐతో చేయించిన బొమ్మ ఏ ఖాతాలోకి వస్తుందని ఈమధ్య ప్రతిచోటా అడుగుతున్నారు. నేనైతే రెడీమేడ్‌లోనే రాసుకుంటాను. కిట్‌లోని పువ్వును ఎంత అనుమానంగా చూస్తానో దాన్నీ అంతే అనుమానంగా చూస్తాను.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఇవాళ పేజీకి కిట్‌లోంచి మీ ఇష్టం వచ్చినన్ని తీసుకోండి, ఇంటి నుంచి మాత్రం ఒక్కటైనా ఉండాలి. ముగ్గో, చేతిరాతో, చీర అంచో ఏదైనా సరే. తేవడం మర్చిపోయినవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి తెప్పించుకోండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు కుదించేస్తుంది, ప్రింటులో గీత పగిలిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. అటాచ్ గుర్తు నొక్కి, ‘డాక్యుమెంట్’ ఎంచుకోవాలి. అమ్మకు ఫోన్లో వివరించడానికి కాస్త టైం పడుతుంది, ఈలోగా మిగతావాళ్ళం ఖాళీ పేజీ తెరుద్దాం.