దమ్ము పెరిగినంత తొందరగా ఎముక గట్టిపడదు

అందరికీ నమస్కారం. ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీకి ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, తెల్లారకముందే లేచి వాళ్లని పరిగెత్తిస్తున్న కోచ్‌లకీ, ముందు వరసలో కూర్చున్న మాజీ సైనికులకీ. నేను ఫిజియోథెరపిస్టుని. సైన్యంలో పనిచేయలేదు, కానీ సైన్యంలోకి వెళ్లాలని పరిగెత్తి కాళ్లు పాడుచేసుకున్న పిల్లల్నీ, సెలెక్ట్ అయ్యాక ట్రైనింగ్ మధ్యలో కుంటుతూ ఇంటికొచ్చిన పిల్లల్నీ చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమందికి ఆ గాయం రాకుండా ఆపగలిగేవాళ్లం, అందుకే ఈ రోజు వచ్చాను.

సైనికుడికి గాయం అనగానే మనకి తూటా గుర్తొస్తుంది. కానీ చాలా సైన్యాల్లో శిక్షణ రోజుల్లో కుర్రాళ్లని మంచాన పడేసేవి మోకాలు, షిన్ (మోకాలి కింద ముందువైపు ఎముక), చీలమండ, పాదం, నడుము గాయాలు. ఒక్క దెబ్బతో వచ్చినవి కావు, రోజూ కొంచెం కొంచెంగా అరిగి అరిగి వచ్చినవి. ఇది కొత్త సంగతీ కాదు. 1855లో ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే డాక్టరు, దూరం మార్చింగ్ చేసిన సిపాయిల పాదాలు వాచి నొప్పి పెట్టడం గమనించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు, అది 1895లో వచ్చింది. ఆ వాచిన పాదాల్లో సన్నటి ఎముకలు నిజంగానే చిట్లుతున్నాయని 1897లో ఎక్స్‌రే తీసి చూశాక తేలింది. అందుకే దానికి మార్చ్ ఫ్రాక్చర్ అనే పేరు నిలిచిపోయింది, ఇప్పుడు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటున్నాం.

అసలు ఎముక ఎందుకు చిట్లుతుంది? ఇది కాస్త ఓపిగ్గా వినండి, ఎందుకంటే మిగతాదంతా దీనిమీదే ఉంది. రేపటినుంచి రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెడదామని మొదలుపెట్టారనుకోండి, రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది, దమ్ము పెరుగుతుంది, టైమింగ్ మెరుగుపడుతుంది, కండ కూడా అందుకుంటుంది. ఎముక మాత్రం అలా కాదు. కొత్త బరువు పడగానే శరీరం ముందు పాత ఎముకని తొలిచేస్తుంది, తర్వాత ఆ ఖాళీలో కొత్త ఎముక నింపుతుంది, రోడ్డు బాగుచేసేటప్పుడు ముందు తవ్వి తర్వాత వేసినట్టు. తవ్వడానికి మూడు వారాలు పడితే నింపడానికి మూడు నెలల దాకా పడుతుంది. అంటే మీకు బాగా ఊపు వచ్చి, ఇంకో రెండు రౌండ్లు వేసేద్దాం అనిపించే రోజుల్లోనే లోపల ఎముక అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెట్టి ఆరు వారాల్లో 1.6 కిలోమీటర్లని 5 నిమిషాల 30 సెకన్లకి దించాలనుకునే ప్రతి ఒక్కరూ సరిగ్గా ఈ గుంటలోనే పడుతున్నారు.

కాబట్టి అన్నిటికంటే పెద్ద రిస్క్ ఏమిటంటే, తక్కువ ఫిట్‌నెస్‌తో ఎక్కువ శిక్షణలోకి ఒక్కసారిగా దూకడం. 1980లలో అమెరికా సైన్యం సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో కొత్త రిక్రూట్లని పరిశీలిస్తే, చేరిన రోజు పరుగులో వెనకబడినవాళ్లకే తర్వాత ఎక్కువ గాయాలయ్యాయి. ఇది ఆ తర్వాత చాలా సైన్యాల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. ఒకే స్క్వాడ్‌లో అందరూ ఒకే వేగంతో పరిగెత్తితే, ముందున్నవాడికి అది వార్మప్, చివరివాడికి ప్రాణం మీదకి వచ్చే పని. కోచ్ గారూ, యాభై మందిని ఒకే బ్యాచ్‌గా పరిగెత్తించకండి, టైమింగ్‌ని బట్టి మూడు గుంపులు చేయండి, దీనికి పైసా ఖర్చు లేదు.

మిగతా రిస్కుల్లో ముఖ్యమైనది పాత గాయం. ఒకసారి చీలమండ బెణికి సరిగ్గా మానకుండానే గ్రౌండ్‌కి వచ్చినవాడికి మళ్లీ గాయమయ్యే అవకాశం బాగా ఎక్కువ. సిగరెట్ తాగేవాళ్లకి ఎక్కువని కూడా చాలా సైన్యాల పరిశీలనల్లో తేలింది. బరువు బాగా ఎక్కువున్నా రిస్కే, మరీ బక్కపలచగా ఉన్నా రిస్కే. ఈ రెండోది మనవాళ్లు పట్టించుకోరు, సన్నగా ఉన్నాడు కాబట్టి బాగా పరిగెత్తుతాడు అంటారు. సన్నటి కండ దెబ్బని ఆపలేదు, అదంతా ఎముకకే చేరుతుంది. పైగా ట్రైనింగ్‌లో వీపుమీద బరువు ఎక్కుతుంది. బీపీఈటీలో, అంటే సైన్యంలో పెట్టే యుద్ధ ఫిట్‌నెస్ పరీక్షలో, బరువుతో ఐదు కిలోమీటర్లు పరిగెత్తడం అంటే ఏంటో ఇక్కడున్న పెద్దలకి నేను చెప్పక్కర్లేదు. యాభై కేజీల కుర్రాడికీ డెబ్బై కేజీల కుర్రాడికీ ఎత్తాల్సిన బరువు ఒకటే అయినప్పుడు ఎవరి ఎముక మీద ఎక్కువ పడుతుందో మీరే ఆలోచించండి.

ఇజ్రాయెల్ సైన్యం వాళ్లు దీనిమీద చాలా ఏళ్లు పనిచేశారు. 1985లో ప్రచురించిన ఒక పరిశీలనలో 295 మంది రిక్రూట్లలో 31 శాతం మందికి స్ట్రెస్ ఫ్రాక్చర్లు కనిపించాయి, అంటే దాదాపు ముగ్గురిలో ఒకరికి. ఆ సైన్యంలోనే ఇంకో విషయం తేలింది, నాకు చాలా ఇష్టమైన విషయం అది. చేరకముందు కనీసం రెండేళ్లు బాస్కెట్‌బాల్ లాంటి బంతి ఆటలు ఆడినవాళ్లకి స్ట్రెస్ ఫ్రాక్చర్లు, ఆడనివాళ్లతో పోలిస్తే దాదాపు సగమే వచ్చాయి. వట్టి పరుగు ప్రాక్టీసు మాత్రమే చేసి వచ్చినవాళ్లకి ఆ రక్షణ దొరకలేదు. ఎందుకంటే పరుగులో ఎముక మీద దెబ్బ ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి పడుతుంది. ఆటలో గెంతుతారు, ఆగుతారు, పక్కకి తిరుగుతారు, అన్ని దిక్కుల నుంచీ కుదుపు వస్తుంది, ఎముక అన్నివైపులా గట్టిపడుతుంది. మన ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్, ఖోఖో ఉన్నాయి కదా, అవీ అదే పని చేస్తాయని నా నమ్మకం. మీ తమ్ముడు తొమ్మిదో తరగతిలో ఉండి ఆర్మీ అంటున్నాడా, వాడిని ఇప్పుడే ట్రాక్ మీద పెట్టకండి, సాయంత్రం ఆడుకోనివ్వండి.

నిద్ర గురించి కూడా ఇజ్రాయెల్ సైన్యంలోనే చూశారు. కనీసం ఆరు గంటల నిద్ర తప్పనిసరి చేసి, మొత్తం మార్చింగ్ దూరం తగ్గించాక స్ట్రెస్ ఫ్రాక్చర్లు 60 శాతానికి పైగా తగ్గాయి. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి నాలుగున్నరకి గ్రౌండ్‌కి వచ్చే తమ్ముళ్లూ, మిమ్మల్ని చూసే చెప్తున్నాను.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. 2019లో మిలిటరీ పోలీస్ విభాగంలో మహిళలని జవాన్లుగా తీసుకోవడం మొదలైంది, 2021లో బెంగళూరులో తొలి బ్యాచ్ శిక్షణ పూర్తిచేసింది, ఇప్పుడు మన జిల్లాల నుంచి కూడా అమ్మాయిలు ప్రిపేర్ అవుతున్నారు. శిక్షణలో ఆడవాళ్లకి గాయాలు ఎక్కువవుతాయన్నది నిజమే, కానీ ఫిట్‌నెస్ సమానంగా ఉన్నవాళ్లని పోలిస్తే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. మిగిలేది ఎలా వస్తుందో ఆస్ట్రేలియా సైన్యం చూపించింది. అక్కడ అమ్మాయిలు పొడుగు అంగలతో, మగవాళ్ల లయలో మార్చింగ్ చేస్తూ కటి ఎముకలు చిట్లించుకున్నారు. అప్పుడు మార్చింగ్ వేగాన్ని గంటకి 7.5 కిలోమీటర్ల నుంచి 5కి తగ్గించి, ఎవరి అంగ వాళ్లు వేయండి అన్నారు, వరసల మధ్య ఎడం పెంచారు. ఆ ఎముక గాయాలు 11.2 శాతం నుంచి 0.6 శాతానికి పడిపోయాయి. అమ్మాయిలు బలహీనులు అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. ఇంకోటి, ప్రాక్టీస్ పెరిగాక నెలసరి ఆగిపోతే సిగ్గుపడి దాచుకోవద్దు, తిండి చాలట్లేదని శరీరం చెప్తోంది, ఎముక పలచబడుతుంది, వెంటనే డాక్టర్‌కి చూపించుకోవాలి.

తిండి విషయం. అమెరికా నౌకాదళంలో 5,000 మందికి పైగా మహిళా రిక్రూట్లలో కొందరికి రోజూ కాల్షియం, విటమిన్ డి ఇచ్చి, మిగతావాళ్లకి ఉత్త బిళ్లలు ఇచ్చి చూస్తే, కాల్షియం తీసుకున్నవాళ్లలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు 20 శాతం తగ్గాయి. మనకి చోళ్లు, అంటే రాగులు ఉన్నాయి, వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది. పొద్దున్న చోడి అంబలి, రాత్రి పాలు, రెండు గుడ్లు, కడుపునిండా అన్నం, పప్పు. ప్రోటీన్ డబ్బాకి వేలు పోసే ముందు ఇవి సరిగ్గా తినండి.

షూ గురించి అందరూ అడుగుతారు. పాదం ఆకారాన్ని బట్టి షూ ఎంచి ఇస్తే గాయాలు తగ్గుతాయేమోనని అమెరికా సైన్యంలో పెద్దఎత్తున చూశారు, తేడా రాలేదు. కాలికి హాయిగా ఉండి, అడుగు అరిగిపోనిది చాలు. పరుగుకి ముందు వంగి సాగదీసే స్ట్రెచింగ్ కూడా గాయాలని ఆపలేదని ఆస్ట్రేలియా సైన్యంలో 1,500 మందికి పైగా రిక్రూట్లతో చేసిన పరిశీలనలో తేలింది. చేయాలనిపిస్తే చేయండి, దానిమీద భరోసా పెట్టుకోకండి.

ఇప్పుడు ఒక పరీక్ష చూపిస్తాను, కూర్చున్నచోటే చేయండి. షిన్ లోపలి అంచు మీద బొటనవేలితో మోకాలి కింద నుంచి చీలమండ దాకా నొక్కుకుంటూ రండి. జానెడు మేర సన్నగా నొప్పి పరుచుకుని ఉంటే అది షిన్ స్ప్లింట్ అయ్యుండొచ్చు, పరుగు తగ్గిస్తే చాలావరకు దారికొస్తుంది. అలా కాకుండా రూపాయి బిళ్లంత చోట వేలు పెట్టగానే అబ్బా అనిపించి, ఒంటికాలి మీద గెంతితే అక్కడే పోటు పెడితే, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, అది స్ట్రెస్ ఫ్రాక్చరే అనుకోండి, పరుగు ఆ పూటే ఆపండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, నార్మల్ అన్నారు కదా అని మళ్లీ గ్రౌండ్‌కి రావద్దు, అవసరమైతే ఎంఆర్ఐ తీయించాలి. ఇక గజ్జల్లో, తొడ మొదట్లో అడుగేసినప్పుడల్లా నొప్పి వస్తుంటే అస్సలు ఆలస్యం చేయొద్దు, ఆ రోజే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తుంటి దగ్గర తొడ ఎముక మెడలో వచ్చిన చీలిక పూర్తిగా విరిగిందంటే ఆపరేషనే, ఆ కాలు మళ్లీ మునుపటిలా అవుతుందన్న గ్యారంటీ లేదు.

ర్యాలీకి ముందు సూది వేయించుకుని పరిగెత్తే అలవాటు మన దగ్గర ఉంది, అందరికీ తెలుసు. నొప్పి మందు చీలికని మాన్పదు, నొప్పిని కప్పేస్తుంది, ఆ కప్పు కింద మీరు చీలిక మీదే పరిగెడతారు. దయచేసి ఆ పని చేయకండి. పెద్దలకి కూడా ఒక్క మాట. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లు తరతరాలుగా సైన్యానికి పిల్లల్ని పంపాయి, ఓర్చుకోవడం మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే పదిహేడున్నరేళ్ల కుర్రాడు నొప్పి అన్నాడంటే నమ్మండి, నాటకం అనకండి. ఆ వయసుకి ఎముక ఇంకా పూర్తిగా ముదరలేదు.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇందాక నొక్కి చూసుకున్నప్పుడు ఎవరికైనా ఒక్కచోటే నొప్పి తగిలిందా? చేతులెత్తండి. షూ, సాక్సు విప్పి ఇటు రండి, ఒక్కొక్కరినీ చూస్తాను.