చెరువు గట్టు మీది నుంచి వీడియో సమావేశం: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. తలా ఒక ఊళ్లో ఉన్న పదిమంది ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవాలి, పైసా కట్టకూడదు, కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్ కావాలి. ఏది ఎంచుకోవాలన్నదే ఈ వారం విషయం. నెట్‌వర్కుల ఇంజనీరు గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను ఆకివీడు నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. మాది రొయ్యల రైతుల బృందం. ముప్పైమందిమి వారానికోసారి కలుస్తాం. ఇప్పుడు వాడుతున్నది నలభై నిమిషాలకు తెగిపోతోంది. మేత గురించీ, తెల్లమచ్చల వ్యాధి గురించీ మాట్లాడి, వంద కౌంట్, అంటే కిలోకు వంద తూగే రొయ్యల ధర దగ్గరికి వచ్చేసరికి అందరం బయట ఉంటున్నాం.

ఇంజనీరు: అయితే ముందు ధర మాట్లాడుకోండి! సరే, మీకు నేను చెప్పేది జిట్సీ మీట్. 2003లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి మొదలుపెట్టిన పని నుంచి పుట్టింది అది. నలభై నిమిషాల కోత ఉండదు. లింకు నొక్కితే చాలు, వచ్చేవారికి ఖాతా అక్కరలేదు. జిట్సీ వారి సొంత సైటులో వాడుకుంటే మాత్రం, 2023 ఆగస్టు నుంచి, సమావేశం తెరిచే మనిషి గూగుల్, ఫేస్‌బుక్, గిట్‌హబ్ ఖాతాల్లో ఏదో ఒకదానితో లోపలికి రావాలి. ఆ పని మీరొక్కరు చేస్తే సరిపోతుంది.

శ్రోత: సగం మంది గట్టు మీదే ఉంటారండి. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం.

ఇంజనీరు: మీరు చూడవలసింది అదే. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు మీ ఫోను సంగతి వదిలేయండి, బృందంలో అందరికంటే పాత ఫోను ఎవరిదో వారిని అడగండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ప్రతి ఫోనూ మిగతా అన్ని ఫోన్లకూ తన బొమ్మను విడివిడిగా పంపాలి. పదిమంది ఉంటే ఒక్కో ఫోను తొమ్మిదిసార్లు పంపాలి. గట్టు మీది ఫోను తట్టుకోలేదు. జిట్సీలో ఇద్దరే మాట్లాడుకుంటే నేరుగా కలుపుతుంది. మూడోవారు రాగానే మధ్యలోకి సర్వరు, అంటే అందరి వీడియోలూ అందుకుని పంచే కంప్యూటర్ వస్తుంది. మీ ఫోను తన బొమ్మను చిన్నదీ పెద్దదీగా రెండు మూడు సైజుల్లో ఆ సర్వరుకు మాత్రమే పంపుతుంది. సిగ్నల్ బాగున్న వారికి పెద్దది, లేనివారికి చిన్నది అక్కడి నుంచి వెళుతుంది. ధవళేశ్వరం దగ్గర వదిలిన కాలువ నీటిని తూముల దగ్గర ఎవరి చేనుకు తగ్గట్టు వారికి పంచినట్టే.

శ్రోత: అది కూడా అందకపోతేనండీ?

ఇంజనీరు: మెనూలో తక్కువ బ్యాండ్‌విడ్త్ మోడ్ ఉంటుంది. అది నొక్కితే ఎదుటివారి వీడియోలు ఆగి మాటలు మాత్రం వినిపిస్తాయి. ధర తెలుసుకోవడానికి ముఖం ఎందుకు? ఇంకొక మాట. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్న చోట ఉన్నవారు మాట్లాడేటప్పుడు తప్ప మైకు మూసి ఉంచాలి. ఒక్క ఏరేటర్ చాలు, ముప్పైమంది చెవులకూ పని చెప్పడానికి. సమావేశానికి ‘రొయ్యలు’ అని పేరు పెట్టవద్దు. అదే పేరు ఇంకెవరైనా కొడితే నేరుగా మీ మధ్యకు వచ్చి కూర్చుంటారు. పొడుగాటి పేరు పెట్టి, లాబీ తెరవండి. మీరు సరేనంటేనే లోపలికి వస్తారు.

వ్యాఖ్యాత: తరువాతి ఫోను అమలాపురం నుంచి, విశ్రాంత లెక్కల మాస్టారు.

శ్రోత: పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు రేఖాగణితం చెబుతానండి. బల్ల మీద గీసి చూపించనిదే నాకు మాట రాదు.

ఇంజనీరు: మాస్టారూ, మీ కోసమే ఉన్నట్టుంటుంది బిగ్‌బ్లూబటన్. 2007లో కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయంలో తరగతుల కోసమే తయారైంది. అందులో తెల్లబల్ల ఉంటుంది, మీరు గీస్తుంటే పిల్లలు చూస్తారు. వారిని చిన్న చిన్న గుంపులుగా గదుల్లోకి పంపవచ్చు, చేతులెత్తించవచ్చు. పిల్లలు బ్రౌజరులోనే వస్తారు.

శ్రోత: మరి దీన్ని ఎక్కడ తెరవాలి?

ఇంజనీరు: చిక్కు అక్కడే ఉంది. సర్వరు కావాలి, అదీ బరువైనది. పదహారు జీబీ మెమరీ, ఎనిమిది కోర్లు ఉండాలని తయారుచేసినవారే చెబుతారు. మీరు ఒక్కరు ఎత్తుకునే పని కాదు. మీ పాత బడిలోనో దగ్గరి కళాశాలలోనో ఆన్‌లైన్ పాఠాలు నడిపే మూడ్ల్ అనే సాఫ్ట్‌వేర్ ఉందేమో కనుక్కోండి. 2022లో వచ్చిన 4.0 నుంచి బిగ్‌బ్లూబటన్ అందులో భాగంగానే వస్తోంది. లేకపోతే ప్రస్తుతానికి జిట్సీయే పెట్టుకోండి. అందులో మీ కంప్యూటర్ తెర చూపించవచ్చు. పెన్ను టాబ్లెట్ ఒకటి ఉంటే త్రిభుజాలు హాయిగా గీస్తారు.

వ్యాఖ్యాత: చివరి ఫోను రాజోలు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: మా చెల్లెలు కువైట్‌లో ఉంటుందండి. అమ్మ, తమ్ముడు, నేను కలిసి మాట్లాడతాం. మధ్యలో ఎవరైనా వింటారేమోనని దానికి భయం.

ఇంజనీరు: నలుగురే అయితే జిట్సీ వద్దమ్మా. మామూలుగా ఇద్దరు దాటితే అందులో మాట ఫోను నుంచి సర్వరు దాకా తాళం వేసినట్టు, బయటివారికి అర్థం కాకుండా వెళుతుంది, సర్వరు దగ్గర తెరుచుకుంటుంది. తాళం చివరిదాకా ఉంచే ఏర్పాటు ఉన్నా, అందరి పరికరాల్లోనూ పనిచేయదు. సిగ్నల్ అనే యాప్ పెట్టుకోండి. దాని కోడూ తెరిచే ఉంటుంది. గుంపు కాల్‌కైనా తాళం మీ నలుగురి దగ్గరే, నడిపే సంస్థ కూడా వినలేదు. అందరికీ ఫోను నంబరు మాత్రం ఉండాలి.

శ్రోత: అమ్మకు ఇవన్నీ రావండి.

ఇంజనీరు: మీరే పెట్టి ఇవ్వండి. నమోదు చేసేటప్పుడు మెసేజీలో ఒక కోడ్ వస్తుంది, అది ఎవరు అడిగినా చెప్పవద్దనండి. ఆపైన పిన్ అడుగుతుంది, దాన్ని మీ దగ్గర రాసి పెట్టుకోండి.

శ్రోత: చెల్లెలికి పని అయ్యేసరికి అక్కడ రాత్రి తొమ్మిదవుతుంది. మనకు పదకొండున్నర.

ఇంజనీరు: అయితే అమ్మగారి ఫోనులో రింగు గట్టిగా పెట్టండి.